కాదనకూడని జమ్మి

దయాకర్ నోటికి మోండా మార్కెట్ మొత్తం జడిసేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఏడాదిగా ఆయన గట్టిగా మాట్లాడింది లేదు. తలుపు చప్పుడైతే భార్య రజిత ముఖం చూసేవాడు. ఆమె వెళ్లి, వచ్చింది ఫలానా వాళ్లని చెప్పాకే ఊపిరి వదిలేవాడు.

ఆ నోరే కొంప ముంచింది. నిరుడు ఒక పొద్దున ఆయన టైలరు దుకాణం గుమ్మానికి అడ్డంగా తుకారాం టమాటాల తోపుడు బండి నిలిపాడు. తియ్యమంటే తియ్యలేదు. మాటా మాటా పెరిగింది. దయాకర్ అన్నిట్లోకీ పదునైన మాట ఏరుకుని విసిరాడు.

"మీ అయ్య స్తంభానికి కట్టేసి కొట్టిన దెబ్బలు మర్చినవార? ఇంకా కావాల్నా?"

సందులో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. పాతికేళ్లు దాటిన మగవాడు తుకారాం. చిన్నప్పుడు తాగొచ్చిన తండ్రి అతన్ని అదే సందులో కరెంటు స్తంభానికి కట్టి తోలు బెల్టుతో కొట్టేవాడని తెలియనివాళ్లు అక్కడ లేరు. నవ్వు ఆగేలోపు అతని చేతికి బల్ల మీద ఉన్న బట్టల కత్తెర వచ్చింది. ఒక పోటు మెడ పక్కన దిగింది. ఇంకోటి అడ్డం పెట్టిన కుడి అరచేతిలో దిగింది. పక్కనే కూర్చుని గుండీలు కుడుతున్న రజిత ఒళ్లంతా మొగుడి రక్తంతో తడిసిపోయింది.

ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకోవడం మానేశాయి. కత్తెర పట్టలేని టైలరుకు దుకాణం ఎందుకు? రజిత బ్లౌజులు కుడుతూ ఇల్లు నెట్టుకొస్తోంది.

మార్కెట్ కూడా మారిపోయింది. కొబ్బరికాయల వాడు గల్లాపెట్టె పక్కన ఇనుపరాడ్డు పెట్టుకున్నాడు. అది చూసి ఉల్లిగడ్డల వాడు కత్తి కొన్నాడు. ఎవరిని అడిగినా భయం వల్లే అనేవారు. అంతమంది భయస్తులు ఆయుధాలు పట్టుకుని కూర్చున్న చోటికి కూరగాయలకు వెళ్లాలంటే ఆడవాళ్లకు గుండె దడ. అయినా పోలీసులు వచ్చి ఎవరు చూశారని అడిగితే, ఒకడు ఫోను మాట్లాడుతున్నాడట, ఇంకొకడు తక్కెడ వైపు చూస్తున్నాడట. సందు సందంతా ఒక్కసారే గుడ్డిదైపోయింది.

తుకారాం కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చాడు. కేసు విచారణకు వచ్చింది. దయాకర్‌ను బోనెక్కించి, నిన్ను పొడిచింది ఇతనేనా అని అడిగితే ఆయన తల ఎత్తలేదు. "ఆగమాగం అయింది సార్, యాదికి లేదు" అని గొణిగాడు. ఇక మిగిలిన సాక్షి రజిత ఒక్కతే. దసరా సెలవుల తర్వాత ఆమె వంతు. ఆమె కూడా తడబడితే తుకారాం దర్జాగా ఇంటికి వెళ్లిపోతాడు, దయాకర్ తన ఇంట్లోంచి ఎప్పటికీ బయటికి రాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

దసరా నాడు మార్కెట్ సంఘం పెద్ద ధర్మరాజు స్వయంగా ఇంటికి వచ్చాడు.

"ఏందీ బిడ్డా, పండుగ పూట సుత మనిషిని ఇంట్లనే పెడ్తవా? జమ్మికి తోలుకరా. నలుగుర్ల పడితే పానం నిమ్మలమైతది."

రజితకు ఆ మాట నిజమే అనిపించింది. బతిమాలి, కొత్త చొక్కా తొడిగి, గుండీలు తనే పెట్టి తీసుకెళ్లింది. మార్కెట్ వెనక గుడి దగ్గర జమ్మికొమ్మకు పూజ అయింది. ఆకులు తెంపి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోవడం మొదలైంది. ఆ ఆకే ఆ పూట బంగారం. చేతిలో పెడితే కళ్లకద్దుకోవాలి, పెట్టినవాణ్ని అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకోవాలి. జమ్మి పట్టుకొచ్చిన చేతిని కాదనకూడదు, అది పగవాడి చెయ్యి అయినా సరే. ఏడాది పొడవునా మాటల్లేని దుకాణాల వాళ్లు కూడా ఆ సాయంత్రం కౌగిలించుకుని మర్నాటి నుంచి మళ్లీ కలిసి చాయ్ తాగేవాళ్లు.

దయాకర్ ముందుకు మనుషులు వరసగా వచ్చారు. ఆయన తల వంచుకునే రెండు చేతులూ చాపుతున్నాడు, ఆకు తీసుకుంటున్నాడు, కళ్లకద్దుకుంటున్నాడు. పెదాల మీద కాస్త నవ్వు కూడా వచ్చింది. రజిత ఆ నవ్వునే చూస్తూ మురిసిపోయింది, వరసను చూడలేదు. ఇంకో చెయ్యి వచ్చి ఆకు పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని తల ఎత్తాడు.

ఎదురుగా తుకారాం.

ఆమె కేక వేసేలోపే వాడు దయాకర్‌ను రెండు చేతులతో చుట్టేశాడు. ఫోన్లు పైకి లేచాయి. ధర్మరాజు "భలే!" అన్నాడు, చప్పట్లు మోగాయి. తుకారాం భుజం మీదుగా దయాకర్ కళ్లు రజితకు కనిపించాయి. కత్తెర దిగిన పొద్దున చూసిన కళ్లు అవే. ఆయన కదల్లేదు, అరవలేదు. ఆమె చూపు కిందికి జారింది. ప్యాంటు ముందుభాగం తడిసి, ఆ తడి కాళ్లెంబడి పాకి చెప్పుల్లోకి కారుతోంది.

తుకారాం వదిలేసి గుంపులో కలిశాడు. రజిత ఒక్క అంగలో వెళ్లి మొగుడికి అడ్డంగా నిలబడింది. కొంగు విప్పి ఆయన నడుం ముందు పట్టుకుని, "కళ్లు తిరుగుతున్నయంట, జెర జరుగుండ్రి" అంటూ మనుషుల మధ్యలోంచి తోసుకుంటూ ఆటో దాకా నడిపించింది.  ఆటోలో ఆయన ఆమె చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్యి. కోర్టుల సుత చెప్పద్దు. చచ్చిపోత రజితా, నిజంగ చెప్తున్న."

ఆమె ఒట్టేసింది.

ఇంటికి చేరేసరికే వీడియో మార్కెట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసింది. ఆకు చేతిలో పడడం, కళ్లకద్దుకోవడం, కౌగిలి, చప్పట్లు. సరిగ్గా చప్పట్ల దగ్గర ఆగిపోయింది. కింద దండాల బొమ్మలు వరసగా పడ్డాయి. మర్నాడు ధర్మరాజు మిఠాయి పొట్లంతో దిగాడు.

"జమ్మి తీసుకున్నంక ఇంకా కేసేంది బిడ్డా? మన లొల్లి మనమే తీర్సుకున్నం. కోర్టుల సరిగ కనవడలేదని చెప్పు, అయిపాయె. రేపు మల్ల మార్కెట్‌ల బతకాలె గద."

"నువ్వే పిలిచినవు గద పెద్దనాయనా. వాడు వస్తడని ఒక్క మాట చెప్పినవా?"

"చెప్తే వస్తుంటిరా?"

మోసాన్ని అంత నిజాయితీగా ఒప్పుకున్న మనిషిని ఆమె ఎగాదిగా చూసింది. మిఠాయి పొట్లం తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

రెండు రోజుల తర్వాత తుకారాం తల్లి దేవమ్మ వచ్చింది. అదే సందులో నిమ్మకాయలు అమ్ముతుంది. గడప దాటకుండా బయటే చతికిలబడింది.

"నా కొడుకుది తప్పే. నేను కాదంటలేను. కానీ వాన్ని వాని అయ్య స్తంభానికి కట్టేసినప్పుడు ఒక్కో దుకాణం ముంగట నిలబడి మొత్తుకున్న. ఒక్కలన్న లేసిండ్రా? మీ ఆయన మిషిన్ సుత ఆపలె. గా దెబ్బలు తిని తిని వానికి కొట్టుడొక్కటే వచ్చింది. ఇంకేం నేర్పినం మనం?"

 ఆ మిషను చప్పుడు రజితకు ఇప్పటికీ గుర్తే. ఆ పిల్లవాడి ఏడుపు వినపడకుండా మిషను ఇంకాస్త జోరుగా తొక్కేవాడు దయాకర్. ఆమె కూడా వద్దనలేదు. దేవమ్మ మీద జాలి వేసింది, తమ మీద అసహ్యం వేసింది. అయినా జాలికి తలొగ్గితే చేతులారా మొగుణ్ని పూడ్చినట్టేనని కూడా అనిపించింది.

"అప్పుడు మేమంత చూడనట్టే ఉన్నం, పెద్దమ్మా. గందుకే గిట్లయింది. గిప్పుడు సుత చూడనట్టే ఉండమంటున్నవా?"

 దేవమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచి వెళ్లిపోయింది.

కోర్టు రోజు రానే వచ్చింది. హాల్లో ఒక పక్క బెంచీలన్నీ మార్కెట్ వాళ్లతో నిండిపోయాయి, ముందు వరసలో ధర్మరాజు. దేవమ్మ ఓ మూల నిలబడింది. దయాకర్ వెనక బెంచీ చివర కూర్చున్నాడు. రజిత బోనెక్కి అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. ప్రాసిక్యూటరు అడిగితే తుకారాంను చూపించి, "ఈయనే పొడిచిండు, నేను కండ్లార చూసిన" అంది. బెంచీల్లో గుసగుసలు లేచాయి.

తర్వాత తుకారాం తరఫు లాయరు లేచాడు. నున్నగా మాట్లాడే మనిషి.

"అంతకుముందు మీ భర్త నా క్లయింటును తిట్టాడా, లేదా?"

"తిట్టిండు. అనరాని మాటే అన్నడు. వాళ్ల అయ్య కొట్టిన దెబ్బలు ఎత్తి చూపిండు."

లాయరు ఆమె తప్పించుకుంటుందనుకున్నట్టున్నాడు, ఆ ప్రశ్న అక్కడితో వదిలేశాడు. తర్వాత ఫోను తీసి అనుమతి అడిగి వీడియో చూపించాడు. జడ్జి మేడమ్ చూశారు, రజితకూ చూపించారు.

"చంపబోయాడంటున్న మనిషిని మీ భర్త ఎలా కౌగిలించుకున్నాడమ్మా?"

"ఆయన కౌగిలించుకోలె. జమ్మి అంటే చెయ్యి చాపిండు. మొఖం చూసేసరికే వాడు మీద పడ్డడు."

"ఇష్టం లేకపోతే తోసేస్తారు. భయమేస్తే అరుస్తారు. ఈయన ఎంత నిమ్మళంగా నిలబడ్డారో చూడండి."

"నిమ్మలంగ లేడు సార్."

"మరి ఎలా ఉన్నాడు?"

రజిత నోరు తెరిచింది.  ఇప్పుడే చేసిన ప్రమాణం ఒక పక్క, మొగుడి నెత్తి మీద వేసిన ఒట్టు ఇంకో పక్క. చెబితే కేసు నిలబడుతుంది, మార్కెట్ వాళ్లంతా విని రేపు సందులో కథలుగా చెప్పుకుంటారు, ఆయన ఆటోలో అన్నంత పనీ చేస్తాడు. చెప్పకపోతే ఆ కౌగిలి నిజమైపోతుంది. 

"సమాధానం చెప్పాలమ్మా" అన్నారు జడ్జి.

"వీడియో ఆగినంక ఏమైందో నాకు తెలుసు మేడమ్. కానీ చెప్పనని నా మొగుని నెత్తి మీద ఒట్టేసిన. నేను చెప్ప. నన్ను జైల్ల ఎయ్యిండ్రి, చెప్ప."  ఆమె వెనక బెంచీ వైపు తిరిగింది. "ఆయన ఇక్కడనే ఉన్నడు. ఆయన్నే అడుగుండ్రి."

 అన్నాక, ఇంత పని ఎందుకు చేశానా అనుకుంది. హాలంతా తలలు తిప్పి దయాకర్‌ను చూస్తోంది. ఆయన నేల చూస్తున్నాడు. లాయరు చిన్నగా నవ్వి, "చెప్పడానికి ఏమీ లేదన్నమాట" అని కూర్చోబోయాడు.

దయాకర్ లేచి నిలబడ్డాడు.

ప్రాసిక్యూటరు గబుక్కున లేచి ఆయన్ని మళ్లీ విచారించాలని కోరాడు. లాయరు అభ్యంతరం చెప్పాడు, జడ్జి వినలేదు. రజిత దిగింది, దయాకర్ ఎక్కాడు. ఎదురెదురుగా వస్తూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆమె బెంచీ దాకా వెళ్లకుండా గోడ పక్కనే ఆగిపోయింది.

"వాడు నన్ను పట్టుకున్నప్పుడు..." దయాకర్ మెడ మీది మచ్చ ఎగిసి పడుతోంది. "భయానికి పాయింట్ల ఉచ్చ పోసుకున్న మేడమ్. మా ఆమె కొంగు అడ్డం పెట్టి ఇంటికి తోలుకపోయింది."

మార్కెట్ బెంచీల్లోంచి ఒక నవ్వు పుట్టింది. ఒకరిద్దరు అందుకున్నారు కూడా. జడ్జి బల్ల మీద కొట్టారు. రజితకు ఆ నవ్వినవాడి నోరు చీరేయాలన్నంత కోపం వచ్చింది. దయాకర్ మాత్రం అటు తిరిగి, నవ్వు ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"నవ్వుండ్రి. నాకు సుత మిమ్ముల గిట్ల నవ్విపిచ్చుడు అంటె శాన సంబురముండె. వాని మీద సుత గట్లనే నవ్విపిచ్చిన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముద్దాయి బోనులో తుకారాం మొదటిసారి తల ఎత్తాడు. మూలన దేవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మిమ్మల్ని పట్టుకున్నది, కత్తెరతో పొడిచింది ఒకరేనా? ఆ మనిషి ఈ హాల్లో ఉన్నాడా?" అని ప్రాసిక్యూటరు అడిగాడు.

దయాకర్ తుకారాం కళ్లలోకి సూటిగా చూశాడు.  వేలు చూపిద్దామంటే వేళ్లు ముడుచుకోవు. అందుకని చెయ్యంతా చాచి చూపించాడు.

"వీడే. ఇప్పుడు సుత వీన్ని చూస్తె నాకు భయమే. రాసుకోండ్రి మేడమ్, భయమని సుత రాసుకోండ్రి."

జడ్జి ఒక్కో మాటా టైపిస్టుకు చెప్పి రాయించారు. అది పూర్తయ్యేదాకా ఆయన చెయ్యి దించలేదు. గోడ పక్కన రజిత వెక్కి వెక్కి ఏడుస్తోంది.