కాలరమ్మ

కాలర్ కొన తిప్పేటప్పుడల్లా ఆమె కుర్చీలో కాస్త ఎడమకు ఒరుగుతోంది. నిటారుగా కూర్చుంటే మంట. పెడల్ మీద కాలు కదిలితే లోపలి బట్ట ఒరుసుకుని ప్రాణం జివ్వుమంటోంది.

చొక్కాలకు కాలర్లు కుట్టడం తప్ప ఆ ఫ్యాక్టరీలో ఆమె వేరే పని చేసింది లేదు. అందరికీ ఆమె కాలరమ్మే. సగం ఊరి మెడలు తన చేతిలోనే ఉన్నాయని ఒకప్పుడు నవ్వించేది కూడా.

"ఏంటక్కా, ముళ్ళ మీద కూచున్నట్టు కూచున్నావ్?" అంది పక్క మిషనామె.

"మొలలే" అంది కాలరమ్మ, తలెత్తకుండా.

మొలలు కావు. కొన్ని నెలల కిందట స్నానం చేస్తుంటే తొడల మధ్య వేలికి చిన్న చిన్న బుడిపెలు తగిలాయి. నొప్పి లేదు కదా, పోతాయిలే అనుకుంది. పోలేదు సరికదా, గుత్తులు కట్టాయి. ఎవరితో చెప్పుకుంటుంది? కాలి ఆనెకాయకని అబద్ధమాడి మందు కొనుక్కుని రాసుకుంది. చర్మం కాలి ఊడివచ్చింది.

మధ్యాహ్నం ఇక కూర్చోలేక, సెలవడిగి ఆడడాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఆనెకాయల మందు ఇక్కడ రాస్తారా అమ్మా!" డాక్టరమ్మ కసిరి, అంతలోనే మెత్తబడింది. "ఇవి పులిపిర్లు. వైరస్ వల్ల వస్తాయి. ఆలుమగలు కలిసినప్పుడు ఒకరి చర్మం నుంచి ఒకరికి అంటుకుంటాయి."

"మేడమ్, నేను మా ఆయన్ని తప్ప..."

"నేనడగలేదుగా. అది ఒంట్లో చేరినా ఏళ్ళ తరబడి పైకి కనబడకపోవచ్చు. ఆయన్ని కూడా ఓసారి చూపించుకోమనండి."

"క్యాన్సరా మేడమ్?"

"ఈ పులిపిర్లు తెచ్చే రకం మామూలుగా క్యాన్సర్ తేదు. ఇదే జాతిలో వేరే రకాలున్నాయి, అవి గర్భసంచి ముఖద్వారానికి తెస్తాయి. అందుకే ఆ పరీక్ష చేయించుకోవాలి. కాలిన చోటు మానాక వీటిని చలిమందుతో గడ్డకట్టించి రాల్చేద్దాం. మళ్ళీ రావచ్చు, వస్తే మళ్ళీ చేద్దాం. అందాకా ఆయనకు దూరంగా ఉండండి. ఆడపిల్ల ఉందా? ఈ వైరస్ సోకకుండా టీకా వేయించండి."

ఇంటికొచ్చేసరికి ఆయన నడిపే లారీ వాకిట్లో ఉంది. పిల్ల ఇంకా బడి నుంచి రాలేదు. భర్త గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె గోడకేసి చూస్తూ డాక్టరు చెప్పిందంతా చెప్పింది.

"నాకేం రోగం? పొద్దస్తమానం పదిమంది మగాళ్ళ మధ్య కూచునేది నువ్వు."

ఆమె మాట్లాడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె బాగా నేర్చుకున్నది అదొక్కటే. తనదే పైచేయి అయిందనుకున్నాడేమో, అతనింకా సాగదీశాడు.

"అయినా దానికింత రాద్ధాంతమా? పోయినేడు నాకొస్తే ఎవడికైనా చెప్పానా? వాటంతటవే రాలిపోయాయి."

నోరు జారిందని అతనికి ఆమె ముఖం చూశాకే తెలిసింది.

"మీకొచ్చాయా?"

అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఉన్నాయని తెలిసే నా పక్కలోకి వచ్చారా?"

"లోడు ఎత్తే టైమైంది" అన్నాడు చొక్కా తొడుక్కుంటూ. కాలర్ ఒకవైపు లోపలికి మడతపడింది. ఇన్నేళ్ళూ సరిచేసిన చెయ్యి ఇవాళ లేవలేదు. గడప దాటుతూ, "నువ్వు బాగయ్యాక ఫోన్ చెయ్యి, వస్తా" అన్నాడు.

"రానక్కర్లేదు."

ఆమె గొంతు పెంచలేదు. అతను విన్నాడు. ఒక్క క్షణం ఆగి, వెళ్ళిపోయాడు.

పరీక్షకు రేపు మళ్ళీ సెలవడగాలి. టీకాకి పిల్లనీ తీసుకెళ్ళాలి. ఆ లెక్కే వేసుకుంటూ ఆమె తలుపు గడియ పెట్టింది. లారీ చప్పుడు వీధి మలుపు దాకా వినబడి సన్నగిల్లిపోయింది.

గడ్డం బ్రష్షు కిటికీ గూట్లోనే ఉండిపోయింది. కుచ్చుకంటిన నురగ బుడగ బుడగగా చితికిపోతూ, గూటి చెక్క మీద తెల్లని చారలా ఆరుతోంది.