మండువల నారిపురుగు పాఠం

పట్నం నుంచి పెద్ద సదువు సదివిన సారు వస్తున్నడట, వచ్చి గురవయ్య కల్లు మండువలనే పాఠం జెప్తడట అంటే ఊళ్లె ఎవ్వరికీ నమ్మబుద్ధి గాలె. బడి ఉండె, చావడి ఉండె. కల్లు దుకాణంల పాఠమేంది, పాడేంది? "జనం యాడుంటే సైన్సు ఆడికే పోవాలె" అని రఘుపతి సారు ముందుగాలనే కబురంపిండట. అబ్బబ్బ, ఏం మనసు! ఇనేటోళ్లకు కండ్లల్ల నీళ్లొక్కటే తక్కువ.

బిక్షమ్మ మాత్రం ఆ కబురిని ఎగతాళి జెయ్యలె. ఆమె పెనిమిటి జానయ్య అప్పటికే మంచంల ఉన్నడు. మడిమె కాడ నారికురుపు లేసి, తెల్లటి పురుగు దారం లెక్క బయటికొస్తుంటే, పుల్లకు చుట్టి తెగకుంట రోజింత గుంజుకుంట కూసున్నడు. దుర్గయ్య పటేలు దగ్గర జీతమున్న మనిషి నాట్లప్పుడు మంచమెక్కితే పటేలు ఊకుంటడా? ఇంటి ముంగటికొచ్చి తిట్టని తిట్టు లేదు. మొగనిదేమో అయ్యేదయింది. బిడ్డ సాలమ్మ సంగతే బిక్షమ్మ బుగులు. ఆ పిల్లకు గూడ లేస్తే? అందుకే అందరి కంటే ముందు పోయి మండువ ముండ్లకంప అవుతల కూసున్నది.

కంప అవుతలనే. లోపట పటేలుకు కుర్చీ, కాపోళ్లకు సాపలు. బిక్షమ్మ వాడోళ్లకు ఎప్పుడైనా కంప అవుతలనే, తాటాకు రేకల పైనుంచి పోస్తే తాగుడు. సైన్సొచ్చినా కంప జరగలె.

సారు షేర్వాణి గుండీలన్ని పెట్టుకొని లేసి, "సోదరులారా, ఈ వ్యాధికి మూలము జలమందలి సూక్ష్మజీవులు" అని షురూ జేసిండు. ఎవనికన్న సమజైతే ఒట్టు. ఇగ దిగుడుబాయి నీళ్లు ఒక చుక్క అద్దం బిళ్ల మీద ఏసి, ఇత్తడి గొట్టం కింద పెట్టి, ఒక్కొక్కల్ను ఒంటికన్నుతోని చూడమన్నడు. "బాప్రే, పురుగులు ఎట్ల లుకలుకమంటున్నయి!" అని చూసినోడల్ల ఎగిరిండు. బిక్షమ్మ లేసి, "నేను గూడ జూస్త సారూ" అన్నది. "గొట్టం మైల పడ్తది, కూసో" అన్నడు పటేలు. సారు కండ్లద్దాలు తుడుసుకుంటున్నడు పాపం, ఆయనకేం ఇనపడలె.

అప్పుడు అసలు మాట జెప్పిండు. నారికురుపున్నోడు దిగుడుబాయిల కాలు పెడితే పురుగు పిల్లలు నీళ్లల్ల పడ్తయట, ఆ నీళ్లు తాగినోళ్లకు మల్లేడాదికి నారు లేస్తదట. సన్నటి కొత్త బట్ట మడతలు పెట్టి వడగట్టుకోవాలెనట, లేకుంటే గిలకబాయి నీళ్లే తాగాలెనట. కొత్త బట్టనట! యుద్ధం రోజులు, కంట్రోలు దుకాణంల పీనుగ మీదికే బట్ట దొరుకుతలేదు. బిక్షమ్మ ఒంటి మీది చీరెకే వంద చిల్లులు. ఇగ మిగిలింది గిలకబాయి.

"సారూ, నీ కాల్మొక్త," అన్నది. "గిలకబాయి పటేలోళ్లది. మమ్ముల దాని గద్దె గూడ ఎక్కనియ్యరు. దిగుడుబాయే మాకు దిక్కు. మా నీళ్ల సంగతి పటేలుకు జర నువ్వే జెప్పరాదు, నా బిడ్డ బతుకుతది."

సారు పటేలు మొకం జూసిండు. పటేలు సారు మొకం జూసిండు. మాపటికి సారు భోజనం పటేలింట్లనే మరి.

"అది సంఘ విషయమమ్మా," అన్నడు సారు. "మాది సైన్సు."

థూ, నీ సైన్సు మీద మన్నువడ! అని బిక్షమ్మ లోపట్నే తిట్టుకున్నది. పైకంటే ఈపు పగుల్తది.

పాఠమయినంక సారుకు జనంల కలిసిపోవాలె అన్న కోరిక పుట్టింది. "మీ కల్లు నాకు కూడా పోయండి" అన్నడు. వచ్చినోళ్లు ఎక్కువయి అప్పటికే కల్లు అయిపోవస్తుండె. గురవయ్య ఎనకకు పోయి, దిగుడుబాయి నీళ్లు కల్లు లొట్టిల కుమ్మరించుడు కంప అవుతలున్న బిక్షమ్మ కండ్లార చూసింది. ఎంత కోపమున్నా మనిషి మనిషే గద. "సారూ, తాగకు! కల్లుల దిగుడుబాయి నీళ్లు పోసిండు!" అని మొత్తుకున్నది.

"నా మండువను బద్నాం జేస్తవానే?" అని గురవయ్య ఇంతెత్తు లేసిండు. సారేమో నవ్విండు. "వీరి అజ్ఞానము చూచితిరా పటేలుగారూ? కల్లులో పురుగు బతుకదు" అని గటగట తాగి మీసాలు తుడుసుకున్నడు.

ఏడాది తిరిగి మల్ల నాట్లొచ్చినయి. సారూ వచ్చిండు. బండి దిగుతుంటే ఇద్దరు రెక్కలు వట్టుకున్నరు. కాలికి కట్టు, కట్టుల పుల్ల, పుల్లకు తెల్లటి పురుగు.

"సారుకు నారు లేసిందటో!" అని ఊరంత గుప్పుమన్నది. పటేలు ఉరికిండు, పటేలు పెండ్లాము ఉరికింది, గిలకబాయి కాడ నీళ్లు చేదేటోళ్లు బిందెలు ఆడనే ఇడిసి ఉరికిన్రు. బిక్షమ్మ గూడ కడుపార నవ్వుకుందామని బయలెల్లింది. దారిల గిలకబాయి కనవడ్డది. మనిషి జాడ లేదు.

ఆగింది. పట్టుబడితే చెట్టుకు కట్టేసి కొడ్తరు, ఎరుకే. అయినా వాడకు ఉరికి కడవ తెచ్చింది, ఇంత ఆముదం గూడ తెచ్చింది. ఆముదం పూస్తే గిలక చప్పుడు జెయ్యలె. నీళ్లు సల్లగ, తేటగ వచ్చినయి. కడవ నింపుకొని, పటేలోళ్ల తాడు ఎట్లున్నదట్ల చుట్టిపెట్టి, ఇంటికొచ్చి సాలమ్మకు కడుపునిండ తాపింది. ఆ మాపు పటేలింట్ల గూడ అదే బాయి నీళ్లు తాగిన్రు. ఎవ్వని కులం కరిగిపోలె.

సారేమో, ఇప్పుడు నాకు అనుభవం గూడ ఉన్నది, ఊకోను అని పట్టువట్టిండు. కుంటుకుంట కుంటుకుంట వారం వారం అంగడి నాడు వచ్చి మండువల పాఠం. పట్నం సారు మాట్లాడుతుంటే పటేలు రాకుంటే మర్యాద గాదు, పటేలు పోతే ఊరు పోకుంటే మర్యాద గాదు. ఇగ ప్రతి అంగడి నాడు బిక్షమ్మ ఇంట్ల వారానికి సరిపడ కుండలు నిండినయి, వాడల ఇరుగుపొరుగోళ్లయి గూడ నిండినయి.

ఆ మీది ఏడాది నాట్లకు వాడల ఒక్క కాలికి నారు లేవలె. సాలమ్మ కాళ్లు బిక్షమ్మ రోజు తడిమి తడిమి చూసుకున్నది, మచ్చ గూడ లేదు. సంగతి ఇని సారు మండువల లేసి నిలవడి, "చూచితిరా, ఇదంతయు నా ఉపన్యాసముల ఫలితము!" అని ఛాతి ఇరిసిండు.

కంప అవుతల నుంచి బిక్షమ్మ అందరి కంటే గట్టిగ చప్పట్లు గొట్టింది.

"నిజమే సారూ, నీ పాఠంతోనే బతికినం," అన్నది. "జర ఆపకు. జెప్తనే ఉండు."