వంతెన దాటనివ్వని ఆట

సినిమా కంపెనీ మనిషి తెర ముందు కూర్చుని, హీరోగారి ముక్కు బాగాలేదన్నాడు.

ముక్కంటే ఎంత? రెండు చుక్కలు. ఆ రోజుల్లో వీడియో గేములో మనిషి మొత్తం బొటనవేలి గోరంత ఉండేవాడు. అందులో టోపీకి కాసిని చుక్కలు, మీసానికి కాసిని, మిగిలిందే మొహం. గళ్ళ కాగితం మీద ఆ చుక్కలు పెట్టి పెట్టి కళ్ళజోడు తెచ్చుకున్నవాణ్ణి ఆ గదిలో అందరూ చుక్కలోడనే పిలిచేవారు. చుక్కలోడు నోరెత్తకుండా ముక్కులోంచి ఒక చుక్క తీసేశాడు.

"ఆఁ, ఇప్పుడొచ్చింది కళ!" అన్నాడు కంపెనీ మనిషి. "అచ్చం హీరోగారే!"

మిగతా ఆట చూడమంటే వాచీ చూసుకుని లేచిపోయాడు. హీరో మొహం బాగుంటే వాళ్ళకి చాలు. చుక్కలోడికి కావలసిందీ అదే. ఆట చివర ఏముందో ఎవరూ చూడకూడదు, క్యాసెట్ బజారులోకి వెళ్ళేదాకా.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆ సినిమా సంగతి చెప్పాలి. దాని చివర్లో ఒక విరిగిన రైలు వంతెన ఉంటుంది. హీరో ఈ కొసనుంచి పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేచి ఆ కొసమీద వాలతాడు. హాల్లో జనం కుర్చీలెక్కి అరిచారు. గోడల మీద ఆ దూకుడు పోస్టర్లే. రేడియోలో హీరో గొంతు సవరించుకుని, "ప్రాణానికి తెగించి నేనే దూకాను" అని చెప్పుకున్నాడు.

దూకింది హీరో కాదు, చుక్కలోడి అన్న. హీరో బట్టలు తొడుక్కుని, హీరో టోపీ పెట్టుకుని, ఎడమ మణికట్టుకి తన పాత చేతిరుమాలు కట్టుకుని దూకాడు. అవతలి కొస అందుకున్నాడు కూడా. కానీ వాలేటప్పుడు టోపీ ఎగిరి మొహం కనిపించిందట. మళ్ళీ దూకమన్నారు. రెండోసారి అందలేదు. కింద పడ్డాడు. నడుము కిందనుంచి ఒళ్ళు ఇంక తనది కాకుండా పోయింది. తీరా సినిమాలో వాడుకున్నది మొదటి దూకుడునే. టోపీ ఎగిరే ముందు కత్తిరించి అతికించారు. ఆ కత్తిరింపేదో ముందే తట్టి ఉంటే? తట్టలేదు. వాళ్ళ నడుములు కావుగా! సినిమా చివర పడే పేర్లలో టీ అందించినవాడి పేరు కూడా ఉంది. అన్న పేరు మాత్రం లేదు.

ఆ సినిమా మీద గేము చేసే పని తిరిగి తిరిగి తన గదికే వచ్చిందని తెలిసినప్పుడు చుక్కలోడు బాత్‌రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు. బయటికొచ్చి, ఈ పని నాకివ్వండని యజమానిని అడిగి మరీ తీసుకున్నాడు. అతని మనసులో ఉన్నది ఒక్కటే. వంతెన దాటాక ఆ చిన్న మనిషి టోపీ తీస్తాడు. టోపీ కింద హీరో మొహం ఉండదు, అన్న మొహం ఉంటుంది, మణికట్టుకి రుమాలు ఉంటుంది. కింద "వంతెన దూకినవాడు" అని అన్న పేరు పడుతుంది. ఇంటింటి టీవీలో పడుతుంది. పిల్లలు చదువుతారు. ఒక్కసారి అన్న చదువుకుంటే చాలు.

ఆ తెర గీసి దాచిపెట్టుకున్నాడు. పరీక్షలన్నీ అయ్యాక, ఫ్యాక్టరీకి పంపే ముందు, ఆఖరిగా అందులో దూర్చాలి.

గదిలో ఆటను పరీక్షించే పని ఒకమ్మాయిది. ఆమెను వేళ్ళక్క అనేవారు. ఉదయం వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం బస్సెక్కేదాకా అదే ఆట ఆడుతూ, ఎక్కడ ఆగిపోతోందో, ఎక్కడ తెర చెదురుతోందో చెప్పాలి. యజమానికి అప్పట్లో ఒక భయం పట్టుకుంది. క్యాసెట్లు అద్దెకిచ్చే షాపులు వీధివీధినా లేచాయి.

"శనివారం పట్టుకెళ్ళినవాడు ఆదివారం పూర్తిచేసి తిరిగిచ్చేస్తే, ఇంక కొనేవాడెవడయ్యా?" అనేవాడు. "ఏడవాలి. ఏడ్చి ఏడ్చి చివరికి కొనుక్కుపోవాలి."

అందుకని గదిలో ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున్నే వేళ్ళక్క మొదటి ప్రయత్నంలో చావకుండా దాటిన చోటల్లా 'మెత్తన'. మెత్తనైన చోటల్లా సాయంత్రంలోగా బిగించాలి. వంతెన మీది పలక తొందరగా విరగాలి, గద్ద ఇంకొంచెం ముందే వచ్చి పొడవాలి. మర్నాడు వేళ్ళక్క చస్తుంది. మధ్యాహ్నానికి నేర్చుకుంటుంది. ఆ మర్నాడు నవ్వుతూ దాటేస్తుంది. అయితే మళ్ళీ మెత్తన. మళ్ళీ బిగించు.

చూశారా ఈ తెలివి? నిన్నటి బిగింపులో ఆరితేరిన చేతితో ఇవాళ్టి బిగింపును కొలిచారు. ఆ చెయ్యి లోకంలో ఒక్కటే ఉందన్న సంగతి కిటికీలు మూసుకున్న ఆ గదిలో ఎవరికీ గుర్తులేదు. ఒక్క ఆ చేతి తాలూకు మనిషికి తప్ప.

"సార్, నేను దాటానంటే సులువని కాదు" అంది వేళ్ళక్క ఒకరోజు యజమానితోనే. "నా చేతికి అలవాటైపోయింది. వీధిలోంచి ఎవర్నైనా పిలిచి ఆడించండి. వంతెన దాకా కూడా రాలేరు."

"వీధిలోంచి పిలిస్తే రేపు పక్క కంపెనీవాడు ఇదే ఆట దించుతాడు. నీ వేళ్ళకి జీతమిస్తున్నది దేనికి, గోళ్ళరంగు వేసుకోడానికా?"

వేళ్ళక్క చుక్కలోడి వైపు చూసింది. వంతెన గీసినవాడు అతనే, పలకల మధ్య సందు కొలిచేవాడు అతనే. "అవును సార్, మరీ బిగిసిపోయింది" అని ఒక్క ముక్క అంటే చాలు.

చుక్కలోడు కాగితం మీంచి తల ఎత్తలేదు.

మెట్ల దగ్గర టీ తాగుతూ ఆమె నిలదీసింది. "నోట్లో ఏం పెట్టుకున్నావ్ అక్కడ? బెల్లంముక్కా?"

"బిగించమన్నాడు, బిగిద్దాం. నువ్వు దాటుతున్నావుగా?"

"నేను కళ్ళు మూసుకున్నా దాటతాను! ఆ పలక ఎప్పుడు విరుగుతుందో నా బొటనవేలికి తెలుసు. కొనుక్కున్నవాడి బొటనవేలికి ఎవడు చెప్తాడు, మీ తాతా?"

"వంతెన గురించి వాదిస్తే ఆయనొచ్చి వంతెన ముందే కూర్చుంటాడు, అక్కా. దాటాక ఏముందని కూడా చూస్తాడు."

"ఏముంది దాటాక? ఖాళీ తెరేగా."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసి, గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ మాటెత్తలేదు. పొద్దున్నే దాటింది, మెత్తన అంది. అతను బిగించాడు. దాచుకున్నదాన్ని కాపాడుకోడానికి దాని చుట్టూ గోడ కట్టాడు. ఆ గోడకి గుమ్మం పెట్టలేదన్న సంగతి అతనికి తెలియదని కాదు. తలుచుకోవడం మానేశాడు, అంతే.

ఆ ఆటలో అందరూ మెచ్చుకున్నది ఒకటుంది, వంతెనమీంచి పడడం. మిగతా గేముల్లో మనిషి రాయిలా నిలువునా జారిపోతాడు. ఇందులో ఎడమ చెయ్యి పలక కోసం గాల్లో వెతుక్కుంటుంది, నడుము తిరుగుతుంది, కాళ్ళు పైకొస్తాయి, సన్నగా ఈల లాంటి చప్పుడు దిగిపోతూ దిగిపోతూ ఆగిపోతుంది. చుక్కలోడు అన్న మంచం పక్కన కూర్చుని, "ఎలా పడ్డావన్నా?" అని అడిగి, అన్న చేతులతో చూపిస్తుంటే గీసుకున్నాడు. దూకుడు మీద అంత శ్రద్ధ పెట్టలేదు. దూకుడు సినిమాలో అందరూ చూసిందేగా అనుకున్నాడు.

ఆఖరి రోజున టోపీ తీసే తెరను దూర్చాడు. మొత్తం ఒకసారి నడుస్తోందో లేదో తనే చూసుకున్నాడు. గదిలో ఆట తయారుచేసే బోర్డు మీద ఏ చోటునుంచైనా ఆట మొదలుపెట్టొచ్చు. వంతెన అవతలనుంచి మొదలుపెట్టాడు. చిన్న మనిషి టోపీ తీశాడు. అన్న పేరు పడింది. చుక్కలోడు తెర ఆపేసి, ఆట ఎక్కించిన చిప్పు పీకి, పెట్టెలో పెట్టి ఫ్యాక్టరీకి పంపేశాడు.

క్యాసెట్లు బజారులోకి వెళ్ళాయి. వెళ్ళినంత వేగంగానూ వెనక్కి వచ్చాయి.

చుక్కలోడు అద్దె షాపు దగ్గర నిలబడి తన చెవులతో విన్నాడు. ఒక తండ్రి కూతురి చేతిలోంచి డబ్బా లాక్కుని కౌంటరు మీద పెట్టాడు. "ఏం గేమండీ ఇది? పిల్ల రెండ్రోజులూ ఏడుస్తూనే ఉంది. నేనాడితే నాకే ఏడుపొచ్చింది!"

"అందరూ అదే మాటండీ" అన్నాడు షాపువాడు. "వంతెన దాటినవాడు ఇంతవరకూ కనబడలేదు. అసలు అవతల ఏమీ లేదని కూడా అంటున్నారు."

ఒక పత్రికలో రాశారు: ఈ క్యాసెట్ కొనేకంటే సినిమా టికెట్ కొనుక్కోండి, అందులో హీరో వంతెన దాటతాడు. సినిమా కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, మా హీరోని ఇంటింటా చంపుతున్నారని తిట్టారు. యజమాని ఇటు తిరిగి, జనానికి ఓపిక చచ్చిందని జనాన్ని తిట్టాడు. పలక ఎవరు విరగ్గొట్టమన్నారో మాత్రం ఎవరూ అనుకోలేదు. తిరిగొచ్చిన డబ్బాలు మెట్ల దాకా పేర్చారు. వేళ్ళక్క బొటనవేళ్ళు వాచిపోయి చెంచా పట్టుకోలేని స్థితికి వచ్చింది. ఒక సోమవారం ఆమె రాలేదు. ఆట తయారుచేసే బోర్డుల మీది చిప్పులన్నీ ఊదారంగు దీపం కింద పెట్టి వాటిలోని ఆటను చెరిపేశారు, తర్వాతి గేముకి కావాలి గనక. ఇంక ఏ చోటునుంచైనా మొదలుపెట్టే వీలు పోయింది. మొదటినుంచి ఆడితేనే వంతెన. వంతెన దాటితేనే పేరు.

చుక్కలోడు అన్న ఇంటికి వెళ్ళాడు. క్యాసెట్ ఎప్పుడో ఇచ్చాడు. "చివరిదాకా ఆడన్నా, చివర్లో నీకోసం ఒకటుంది" అని మాత్రమే చెప్పాడు. అప్పటినుంచీ మొహం చూపించలేక తప్పించుకు తిరిగాడు.

వదిన తలుపు తీసి, పక్కకి జరగకుండా గుమ్మంలోనే నిలబడింది. "వచ్చావా బాబూ? ఇప్పటికి తీరిందా?"

లోపల్నుంచి సన్నని ఈల వినిపించింది. దిగుతూ దిగుతూ ఆగిపోయింది.

"విన్నావా?" అంది వదిన. "వంట చేస్తుంటే అదే. బట్టలు ఉతుకుతుంటే అదే. ఆ రోజు ఆయన పడుతుంటే నేను చూడలేదయ్యా. ఇంట్లో ఉన్నాను. చూడలేదు గనక నిద్ర పట్టేది. ఇప్పుడు నువ్వు తెచ్చి నట్టింట్లో పెట్టావు."

అన్న చక్రాల కుర్చీలో టీవీకి దగ్గరగా కూర్చుని ఉన్నాడు. పై ఒళ్ళంతా ముందుకి వంగి ఉంది. తెరమీద మనిషి పరుగెత్తాడు, పలక విరిగింది, గద్ద పొడిచింది. ఎడమ చెయ్యి గాల్లో వెతికింది.

"రా రా" అన్నాడు అన్న, వెనక్కి తిరక్కుండానే. "బాగా గీశావురా. ఆ చెయ్యి నాదే. మొదటిసారే పోల్చుకున్నాను."

"అన్నా, ఇలా ఇయ్యి. నేను దాటించి చూపిస్తాను."

"నువ్వు చేసిందేగా, దాటించు మరి."

చుక్కలోడు నేలమీద కూర్చుని ఆడాడు. ఏ పలక ఎప్పుడు విరుగుతుందో అతనికి అంకెల్లో తెలుసు. అంకెలు బొటనవేలిలోకి దిగలేదు. పడ్డాడు. మళ్ళీ ఆడాడు. పడ్డాడు. మొదటినుంచీ వచ్చి, చెమటలు కక్కుతూ, వంతెన మొదట్లోనే పడ్డాడు. తను కొలిచి, తను బిగించి, తను చేతులు దులుపుకున్న ఆ సందు తననే మింగుతోంది. వదిన వెనకాల గోడకానుకుని చూస్తోంది.

"వద్దులే, వదిలెయ్" అన్నాడు అన్న. "ఏముందో నోటితో చెప్పు."

చెప్పాడు. టోపీ తియ్యడం, రుమాలు, కింద పేరు. చెబుతుంటే తన చెవులకే అది కట్టుకథలా వినిపించింది.

అన్న నవ్వాడు, ఆ నవ్వులో తడి లేదు. "సినిమాలో పేర్లు పడేసరికి జనం లేచి వెళ్ళిపోతార్రా. వాళ్ళు వెయ్యలేదు సరే, వేసినా చూసేవాడు లేడనుకుని ఊరుకున్నాను. నువ్వు వేశావు. వేసి, ఎవర్నీ అక్కడిదాకా రానివ్వలేదు."

"నా చేతుల్లో లేదన్నా. వాళ్ళు బిగించమంటే..."

"కాదన్నావా?"

"ఎవరైనా చూశారా ఆ పేరు?" అని అడిగింది వదిన. "నువ్వు చెప్పే ఆ వేళ్ళమ్మాయైనా?"

"లేదు వదినా. ఆఖర్న పెట్టాను. అప్పటికి తన పని అయిపోయింది."

"అంటే నువ్వొక్కడివే చూసుకున్నావన్నమాట." వదిన గోడ వదిలి వచ్చి టీవీ చప్పుడు పూర్తిగా తగ్గించేసింది. "ఈయన్ని మాత్రం ఊరంతా చూసింది. ఇంటింటా పడేసి చూసింది."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్న చెయ్యి చాచాడు. చుక్కలోడు ఆట ఆడే మీటలున్న ఆ ప్లాస్టిక్ ముక్కను అన్న చేతిలో పెట్టాడు.

"ఆపెయ్యన్నా. ఇంక వద్దు."

"షూటింగులో నన్ను ఒక్కసారే పడేశారు, అదీ నేను ఒప్పుకునే దూకాను" అన్నాడు అన్న. మీట నొక్కాడు. తెరమీద టోపీ పెట్టుకున్న చిన్న మనిషి మొదటినుంచి పరుగు మొదలుపెట్టాడు. "ఆ పేరేదో అక్కడ ఉందన్నావుగా. ఉంటే ఉండనీ. నువ్వు మాత్రం చూడకు, వెళ్ళు."

చుక్కలోడు లేవలేకపోయాడు. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. వంతెన వచ్చింది. అన్న భుజాలు మనిషితో పాటు ముందుకి లేచాయి. పలక విరిగింది. చప్పుడు లేకుండా, ఎడమ చెయ్యి గాల్లో వెతుక్కుంటూ, మనిషి కిందికి పోయాడు.