పేరు లేని కాఫీ షాపులో అత్తయ్య మఫ్లర్

ఆ కాఫీ షాపుకి పేరు లేదు. బోర్డు ఉంది. బోర్డు చుట్టూ ఆకులూ పిట్టలూ రంగురంగులుగా గీసి ఉన్నాయి. మధ్యలో మాత్రం ఖాళీ. ఏ పేరు పెట్టినా ఎవరో ఒకరు ఇది మాది కాదనుకుంటారట, అందుకని షాపు తెరిచిన రోజు నుంచీ అందరూ కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నారట. అత్తయ్యని మొదటిసారి తీసుకొచ్చిన రోజు, ఆ చోటు దొరక్క అదే వీధిలో అటూ ఇటూ తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను డ్రైవింగ్ నేర్పే మనిషిని. దారి తప్పడమంటే నాకు తల కొట్టేసినట్టుంటుంది. పక్కన కూర్చున్న అత్తయ్య ఆ సంగతి తెలిసే, "ఇదేనా నువ్వు పదిమందికీ నేర్పేది?" అంది.

ఇక్కడికి వెళ్లమని చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి. పోయిన చలికాలంలో అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, రెట్టింపై మరీ వచ్చింది. కర్ర సాయంతో నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు ముడుచుకుని ఒళ్లో పడి ఉండేవి. ఆవిడ ఏళ్ల తరబడి ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసింది. ఇంకొకరు చెప్పినట్టు వినడం ఆవిడ ఒంట్లోనే లేదు. వ్యాయామానికని రబ్బరు బంతి ఇస్తే గోడకేసి కొట్టింది, ఎడమచేత్తో. నేను బతిమాలాను, తిట్టాను, ఓసారి ఏడ్చాను కూడా. ఆఖరికి ఊలూ, అల్లిక సూదులూ ఇస్తే ఏ కళనుందో పట్టుకుంది. బూడిదరంగు మఫ్లర్ ఒకటి మొదలుపెట్టింది. వరసలు పాము పాకినట్టు వంకరటింకర. అయినా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. జారిన ముడి నేను ఎక్కించబోతే నా చేతి మీద ఒక్కటి వేసింది.

ఆ మఫ్లర్ పెరిగేకొద్దీ వేళ్లు కాస్త కాస్త తెరుచుకున్నాయి. "ఇప్పుడు ఆపారంటే మళ్లీ బిగుసుకుపోతాయి, ఈసారి రావు. ఇంట్లో ఒక్కరే కూర్చుంటే విసుగొస్తుంది, నలుగురిలో కూర్చోబెట్టి అల్లించండి," అంది ఫిజియోథెరపీ అమ్మాయి. ఆ నలుగురూ వీళ్లు. నా ఖర్మ.

మొన్న మేమిద్దరం ఇక్కడికొచ్చి, నా క్లాసుకి టైమైపోతోందని హడావుడిగా లేచి వెళ్లిపోయాం. అల్లిక సంచి కుర్చీ కిందే ఉండిపోయింది. నిన్న షాపు సెలవు. ఈ రెండు రోజులూ అత్తయ్య కుడిచేతిని శాలువాలో దాచేసి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అన్నం తినమంటే ఎడమచేత్తో చెంచా పట్టుకుంది. వేళ్లు చూపించమంటే నావైపు కూడా చూడలేదు. నాకు భయమేసింది.

అందుకే ఇవాళ పొద్దున్నే వచ్చాను. అత్తయ్య కారు దిగనంది. "ఆ పిచ్చివాళ్ల మధ్యకి నేను రాను. సంచి తీసుకుని రా," అంది. ఎర్ర అక్షరాలతో 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అని రాసి ఉన్న నా కారులో ఆవిడని కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను.

లోపల ఒక కుర్చీకీ ఇంకో కుర్చీకీ పోలిక ఉండదు. ఒకటి బల్లంత ఎత్తు, ఒకటి నేలబారు. ఒకటేమో బస్తా. అందులో కూర్చుంటే లేపడానికి మనిషి కావాలి. గోడల నిండా బొమ్మలే. బాత్రూం తలుపు మీద కూడా అడవి గీసేశారు, తలుపెక్కడుందో తెలిసి చావదు. కౌంటర్ వెనకాల ఉండేది షాపు నడిపే ఆవిడ. మెడ నిండా పూసలు కాబట్టి నేను మనసులో పూసలమ్మ అనుకుంటాను. మంచిది. అదే వచ్చిన చిక్కు. చెడ్డదైతే పోట్లాడి వెళ్లిపోదును.

"ముందు ఒక మామూలు కాఫీ ఇవ్వండి," అన్నాను.

"అక్కా, ఇక్కడ మామూలు అనే మాట వాడం. ఒకటి మామూలంటే మిగతావి ఏమైనట్టు?" అంది నవ్వుతూ. "ఏ పాలు? బాదం, ఓట్స్, కొబ్బరి..."

"ఆవు పాలు. పంచదార. ఇక మీ ఇష్టం. మొన్న మా అత్తయ్య సంచి ఇక్కడ మర్చిపోయాం."

పూసలమ్మ మొహం వెలిగిపోయింది. "అది మీదా! రండి రండి," అని నా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది.

గోడ మీద అత్తయ్య మఫ్లర్ వేలాడుతోంది. కిందంతా బూడిదరంగు, వంకరటింకర, అది అత్తయ్యదే. దానిపైన పసుపు, ఊదా, చిలకపచ్చ, గులాబీ, ఇంకా నాకు పేరు తెలియని రంగులు, జానెడు పొడుగున. ఆఖరి వరస ఇంకా సూది మీదే ఉంది. పక్కన చిన్న చీటీ: 'అందరి చేతులు.'

వీళ్లకో అలవాటుంది. కిటికీ పక్కన బుట్ట ఉంటుంది. ఎవరైనా అల్లిక సగంలో వదిలేస్తే అందులో వేస్తారు. వచ్చినవాళ్లు తలో వరస అల్లి పోతారు. ఎప్పటికీ పూర్తి చేయరు, పూర్తయితే తర్వాత వచ్చేవాళ్లకి చోటుండదట. కుర్చీ కింద దొరికిన సంచిని ఎవరో బుట్టలో వేశారు. మొన్న సాయంత్రం వచ్చినవాళ్లు వచ్చినట్టు వరసలు వేసేశారు. నా ఒళ్లు మండిపోయింది.

"ఇది వదిలేసింది కాదు, మర్చిపోయింది!" అన్నాను. "ఆవిడ చెయ్యి పనిచేసేది ఈ ఒక్కదాని మీదే. వేరేవాళ్లు వేలు పెట్టారని తెలిస్తే ఇక జన్మలో సూది పట్టదు. ఆవిడ కారులోనే ఉంది. చూడకముందే మీ రంగులు తీసేసి ఇచ్చేయండి, దండం పెడతాను."

పూసలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో అక్కా. మీ బాధ నాకు వినిపిస్తోంది."

"వినిపిస్తే ఇవ్వండి మరి."

"నేనొక్కదాన్నీ ఇవ్వలేను కదా. అందర్నీ అడగాలి."

కౌంటర్ మీది గంట కొట్టింది. ఉన్న నలుగురైదుగురు కస్టమర్లూ కప్పులు పట్టుకుని గుండ్రంగా చేరారు. ఇక్కడ ఏ నిర్ణయమైనా అందరూ సరేనంటేనే, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. వీళ్ల చేతికి స్టీరింగ్ ఇస్తే కారు గ్యారేజీ దాటదు. నేను మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. అందరూ జాలిగా తలలూపారు. కప్పుల మీద బొమ్మలు వేసే గడ్డం కుర్రాడు మాత్రం చెయ్యెత్తాడు.

"అక్కా, మీరు చెప్పింది నిజమే. కానీ అందులో మా వరసలున్నాయి. అవి తీసేయడమంటే మమ్మల్ని తీసేయడమే కదా?"

"నాయనా, మీ వరస ఇంకెక్కడైనా అల్లుకోవచ్చు. ఆవిడకి ఇంకో చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది?"

"నేను సరేనన్నా, అల్లినవాళ్లలో సగం మంది ఇక్కడ లేరు. మంగళవారం వస్తారు. వాళ్లని అడక్కుండా..."

"మంగళవారమా!"

నేను ఇంకేం అనేదాన్నో నాకే తెలియదు. ఇంతలో తలుపు తెరుచుకుంది.

"నన్ను కారులో పడేసి ఇక్కడ కబుర్లు చెప్పుకుంటున్నావా?" అంది అత్తయ్య. కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వచ్చింది. నా మొహం చూసింది, తర్వాత గోడ చూసింది.

అత్తయ్య ఆ రంగుల్ని పైనించి కిందిదాకా ఒకసారి పరికించి, "దించు," అంది.

గడ్డం కుర్రాడు మారు మాట్లాడకుండా స్టూలెక్కి దించాడు. అందరి సమ్మతీ ఎటుపోయిందో మరి. అత్తయ్య బస్తా వైపు అసహ్యంగా చూసి, కర్రకుర్చీలో కూర్చుని, మఫ్లర్ ఒళ్లో వేసుకుంది. ఎడమచేత్తో సూది లాగేసి, ఊలు కొస పట్టుకుని గుంజింది. వరస ఊడింది. ఇంకోసారి గుంజేసరికి మఫ్లరంతా మోకాళ్ల మీంచి జారిపోబోయింది.

శాలువాలోంచి కుడిచెయ్యి బయటికొచ్చి దాన్ని అదిమి పట్టింది.

ఆవిడ చూసుకోలేదు. కోపంలో ఉంది. గులాబీ వరస పోయింది, చిలకపచ్చ పోయింది. ఎడమచెయ్యి గుంజుతుంటే కుడిచెయ్యి అదుముతోంది. కాసేపటికి ఎడమచెయ్యి అలిసిపోయినట్టుంది, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఊలు పట్టుకుని లాగాయి. నెమ్మదిగానే, కానీ లాగాయి. రెండు రోజులుగా నేను కాళ్లావేళ్లా పడినా శాలువా దాటి రాని వేళ్లు అవి. అరవాలనిపించింది. అరిస్తే ఆవిడ ఆపేస్తుంది. నోరు మూసుకుని నిలబడటం నా జన్మలో అంత కష్టం ఎప్పుడూ కాలేదు.

"అమ్మమ్మగారూ, మీ కోపాన్ని మేము..." అని పూసలమ్మ మొదలుపెట్టింది. నేను ఆవిడ మోచేతి మీద గట్టిగా గిల్లాను. పాపం, కిక్కురుమనలేదు.

ఆఖరి పసుపు వరస ఊడింది. ఇక మిగిలింది అత్తయ్య బూడిదరంగే. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆవిడ ఆగలేదు. దాన్నీ గుంజింది. ఒక వరస, ఇంకో వరస. నా కుడికాలు తనంతట తనే ఆ షాపు నేల మీద లేని బ్రేకుని తొక్కింది.

"అత్తయ్యా! అది మీది! మీరు అల్లిందే!"

"నాదేనని నాకు తెలీదా? చూడు, ఎంత వంకరగా ఏడ్చిందో."

"ఇన్నాళ్ల కష్టమండీ!"

"అప్పుడు చెయ్యి బాలేదు," అంది తలెత్తకుండా, ఇంకో వరస లాగుతూ.

'అప్పుడు' అంది. ఆవిడ చెయ్యి గురించి అలా అనడం నేను వినలేదెప్పుడూ.

మొదటి ముడి కూడా ఊడిపోయింది. ఒళ్లో రంగురంగుల ఊలు గుట్ట తప్ప ఏమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు పైకెత్తి వేళ్లు ఆడించారు. చప్పుడంటే కొందరికి ఇబ్బందని ఇక్కడ చప్పట్లు అలా కొడతారు.

"ఏంటర్రా, ఈగలు తోలుకుంటున్నారా?" అంది అత్తయ్య. "ఎవరి రంగు వాళ్లు తీసుకుపోండి. నా ఊలు నాకు చాలు. ముందు ఆ బోర్డుకో పేరు రాయండి, వచ్చేవాళ్లు దారి తెలీక చస్తున్నారు. అమ్మాయ్, చేతులు చాపు."

చాపాను. ఊలు చుట్టడానికి ఎవరో ఒకరు చేతులు చాపాలి కదా. నా రెండు చేతులకీ ఊలు చుడుతుంటే అప్పుడు తెచ్చింది పూసలమ్మ, నేనెప్పుడో అడిగిన కాఫీని. బల్ల మీద పెట్టి, మోచెయ్యి రుద్దుకుంటూ వెళ్లింది. నేను కాఫీ వంక చూస్తున్నాను. తాగడానికి చెయ్యి ఖాళీ లేదు.

అత్తయ్య చుట్టడం ఆపింది. కప్పుని ఎడమచేత్తో దగ్గరికి లాక్కుంది. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే తెరిచి కప్పు చుట్టూ వేసింది. రెండు చేతులతో ఎత్తింది. కాస్త ఒలికింది, శాలువా మీద పడింది. అయినా తాగింది.

అది నా కాఫీ. ఆ మాటే అందామనుకున్నాను. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని ఊరుకున్నాను.

"చల్లారిపోయింది," అంది అత్తయ్య మొహం చిట్లించి. "ఇంకోటి తెమ్మను. మామూలుది."