జూరకాన్ కట్టేసిన కుళాయి

జూరకాన్‌కు ఎప్పుడూ ముందు చెడ్డే తోస్తుంది. కొడుకు కుత్మాన్ తుమ్మితే ఊపిరితిత్తులు పాడయ్యాయనుకుంటుంది. గుర్రం ఆలస్యంగా ఇల్లు చేరితే, దాని జీను మీద మనిషి ఉన్నాడా లేడా అని వాకిట్లోకి పరుగెత్తుతుంది. కొండల్లోని కోక్‌జార్ ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వుకునేవాళ్ళు.

ఒక జూన్‌లో మాత్రం ఎవరూ నవ్వలేదు. కొండ మీది పచ్చిక బయల్లో ఒకే ఊట దగ్గరికి రెండు ఊళ్ళ గొర్రెలు వచ్చాయి. కోక్‌జార్ వాళ్ళవి, కింది ఊరు తాల్‌బులాక్ వాళ్ళవి. ఉన్న నీళ్ళు ఒక్క మందకే చాలవు. మాటా మాటా పెరిగింది. తాల్‌బులాక్ కాపరి మురతాలీ పార ఎత్తాడు. కుత్మాన్ తలకు ఏడు కుట్లు పడ్డాయి.

ఒకప్పుడు ఈ కొట్లాటలు లేవు. శిఖరం నెత్తిన తెల్లటి టోపీ ఆగస్టు దాకా ఉండేది, నెమ్మదిగా కరిగి అందరికీ నీళ్ళు పోసేది. ఇప్పుడు మే నెల దాటకముందే బోడిరాయి బయటపడుతోంది.

"వచ్చే జూన్‌లో మళ్ళీ అక్కడే కలుస్తారు. ఈసారి ఆ పార ఎక్కడ పడుతుందో!" అని ఆనాటి నుంచీ జూరకాన్ గొణుగుతూనే ఉంది.

అందుకే ఊరంతా కలిసి కొత్త పని తలపెట్టింది. చలికాలంలో ఊరికే పోయే పై లోయ వాగు నీళ్ళను గొట్టంలో బయలు అంచు వరకు దించారు. అక్కడ ఇరవై అడుగుల ఇనుప గొట్టం నిలబెట్టి నీళ్ళు పైకి చిమ్మించారు. పడ్డ నీరు పడ్డట్టే గడ్డకట్టి, మార్చికల్లా గుట్టంత మంచు అవ్వాలి, జూన్‌లో అది కరిగి మందల దాహం తీర్చాలి. షరతు ఒక్కటే. గొట్టంలో నీళ్ళు ఆగకూడదు. పారే నీటిని చలి పట్టుకోలేదు, నిలబడితే మాత్రం వదలదు. అందుకని వంతులవారీగా కాపలా పెట్టుకున్నారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం కుత్మాన్ వంతు. జూరకాన్ రొట్టె, వేడి వేడి మాంసం చారు పట్టుకెళ్ళింది. అంతలో కింది నుంచి కేకలు. ఎవరిదో కారు మంచులో జారి గోతిలో పడిందట.

"అమ్మా, ఒక్క గంట చూసుకో. నువ్వేం చెయ్యక్కర్లేదు."

"ఏం చెయ్యక్కర్లేకపోతే నేనెందుకురా ఇక్కడ?"

"ఊరికే కూర్చో. దేన్నీ ముట్టుకోకు."

కూర్చుంది. కాసేపటికి గాలి తిరిగింది. చిమ్మిన నీళ్ళు మంచు గుట్ట మీద పడకుండా పక్క రాళ్ళ మీద పడి లోయలోకి జారిపోసాగాయి. జూరకాన్ ప్రాణం గిలగిలలాడింది. చిన్నప్పుడు సగం గిన్నె నీళ్ళు పారబోసినందుకు వాళ్ళమ్మ చేతి మీద ఎర్రగా తేలేట్టు కొట్టింది. నీటిని నేలపాలు చెయ్యడం కంటే పాపం లేదని పెరిగిన మనిషి ఇంత నీరు పోతుంటే ఎలా చూస్తుంది? షరతు ఆమెకూ తెలుసు. కానీ కళ్ళ ముందు నీళ్ళు పోతుంటే తెలిసింది ఏ మూలకో పోయింది. గాలి తగ్గేదాకా, ఒక్క ఐదు నిమిషాలు, అనుకుని గొట్టం అడుగునున్న కుళాయి కట్టేసింది.

గాలి తగ్గింది. కుళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. రెండు చేతులా పట్టి తిప్పింది. చుక్క లేదు.

కుత్మాన్ వచ్చేసరికి ఆమె చేతి తొడుగులు తీసేసి, వేళ్ళు నీలంగా మారుతున్నా, గొట్టాన్ని అరచేతులతో రుద్దుతోంది.

"ముట్టుకున్నావా?"

జూరకాన్ కుళాయి వైపు చూపించింది.

కుత్మాన్ తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. "గొట్టం మెడలో మంచు బిగిసింది. పొద్దుగూకేలోపు కరిగించకపోతే నేలలోపలి గొట్టంలోకి దిగి దాని కీళ్ళన్నీ పగలగొడుతుంది. ఈ నేలను ఏప్రిల్ దాకా తవ్వలేం. ఇప్పటికి నిలిచింది రెండు నిలువుల ఎత్తు మంచే, అది మే నెలకే అయిపోతుంది" అని రాయి మీద కూలబడ్డాడు.

మే. ఆ తర్వాత జూన్. ఆ తర్వాత పార. భయం వేస్తే ఎప్పుడూ గొణుగుడుతోనే సరిపెట్టే జూరకాన్ ఆ రోజు గుర్రమెక్కింది.

మొదటి ఇల్లు బర్చిన్‌ది.

"వదినా, ఊరి నీళ్ళు నేనే కట్టేశాను. తిట్టేది తర్వాత తిడుదువు గానీ, ముందు మీ నీళ్ళు కాచే సమోవర్ మరగబెట్టి పట్టుకురా!"

"నువ్వా? పొయ్యి ఆర్పానో లేదోనని ఐదుసార్లు చూసుకునే దానివి, నువ్వా?"

"నేనే. పద!"

ఇంటింటికీ అదే మాట చెప్పింది. చివరికి ఊరి పెద్ద జుమగాజీ తాత వాకిట్లో దిగింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"యాభై ఏళ్ళుగా ఏదో మునిగిపోతుందని ఏడుస్తూనే ఉన్నావు. ఇవాళ నువ్వే ముంచావన్నమాట."

"ముంచాను తాతా. నీ గుడారం మీద కప్పే ఉన్ని పట్టా ఇవ్వు."

"అది నా పెళ్ళినాటిదే!"

"మళ్ళీ పెళ్ళి కుదిరేలోపు తెచ్చిస్తాలే."

పడమటి కొండకు సూర్యుడు రెండు జానల దూరంలో ఉండగా ఊరంతా గొట్టం చుట్టూ చేరింది. ఉన్ని పట్టాలు చుట్టారు. గొట్టం అడుగున పేడపిడకల నిప్పులు పేర్చారు. ఆడవాళ్ళు వరుసగా నిలబడి మరిగే నీళ్ళు చేతులు మార్చుకున్నారు. నిచ్చెన చివర నిలబడి పట్టా మీద పోసేది జూరకానే. దిగమంటే దిగలేదు. ఆమె పావడా అంచు గడ్డకట్టి రేకులా మోగుతోంది.

సూర్యుడు జానెడు దూరానికి వచ్చాడు. తర్వాత బెత్తెడు. కుత్మాన్ గొట్టానికి చెవి ఆనించాడు.

"ఉండండి, ఉండండి! గురక పెడుతోంది!"

గొట్టం దగ్గింది. ఇంకోసారి దగ్గింది. మంచు బిరడా తుపాకీ గుండులా ఎగిరిపోయింది. దాని వెనకే నీళ్ళు ఆకాశానికి లేచి, తాత నెత్తిన సరిగ్గా పడ్డాయి.

"తాతకు పెళ్ళిస్నానం అయింది! పిల్లను వెతకండర్రా!" అని బర్చిన్ అరిచింది. చలిలో, తడిలో, జనం కడుపు పట్టుకుని నవ్వారు. జూరకాన్ నిచ్చెన మీదే నిలబడి ఏడ్చేసింది.

మర్నాడు పంచాయితీలో తనను ఇక గొట్టం దరిదాపులకు రానివ్వరనే అనుకుంది. జుమగాజీ తాత దుప్పటి కప్పుకుని తుమ్ముతూ అడిగాడు.

"ఈ ఊళ్ళో అసలు కునుకు పట్టని మనిషి ఎవరు?"

అందరూ ఆమె వంక తిరిగారు. కాపలాకు పెద్ద జూరకానే అయింది.

ఆ చలికాలమంతా ఆమె గాలికి భయపడింది, ఎండకు భయపడింది, నక్కలు గొట్టం కొరుకుతాయేమోనని కూడా భయపడింది. ఆమె భయపడని రోజు లేదు. నీళ్ళు ఆగిన రోజూ లేదు. మార్చి వచ్చేసరికి మంచు గుట్ట రెండంతస్తుల మేడంత లేచింది. తాల్‌బులాక్ వాకిళ్ళలో నిలబడితే కనపడుతోందని అంతా చెప్పుకున్నారు.

జూన్ వచ్చింది. శిఖరం బోడి అయింది. ఊట దారంలా సన్నబడింది. ఒక ఉదయం తాల్‌బులాక్ మంద దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ముందు గుర్రం మీద మురతాలీ, జీనుకు అడ్డంగా పార.

మంచు గుట్ట అడుగు నుంచి నీళ్ళు గలగలా తొట్టిలోకి దిగుతున్నాయి. తొట్టి దగ్గర కుత్మాన్ ఉన్నాడు. కొడుకును వెనక్కి లాగుదామని లేచిన జూరకాన్, తనకే తెలియకుండా, వాణ్ణి దాటి ముందుకు నడిచింది.

"మురతాలీ! దాహం నీకా, గొర్రెలకా?"

"గొర్రెలకే అక్కా."

"మరి పార దేనికి?"

మురతాలీ మంచు గుట్టను కింది నుంచి పైదాకా చూశాడు. తల మీది టోపీ తీశాడు. "ఇంత ఉంటుందనుకోలేదు" అన్నాడు. "ఊట తవ్వుకోవాల్సొస్తుందేమోనని తెచ్చాను."

"ఇక్కడ తవ్వు అయితే. మా తొట్టి నుంచి ఆ పల్లం దాకా కాలువ తియ్యి. రెండు మందలూ ఒకేసారి తాగాలి."

అతను దిగాడు. కుత్మాన్ కూడా పార తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రెండు పారలూ రాతికి తగిలి ఖణేల్‌మన్నప్పుడల్లా జూరకాన్ ఉలిక్కిపడింది.

"కుట్ల నొప్పి తగ్గిందా తమ్ముడూ?" అని మురతాలీ తలెత్తకుండానే అడిగాడు.

"చలికి లాగుతుంది అన్నా. అప్పుడు నిన్ను తిట్టుకుంటాను."

"తిట్టుకో. హక్కుంది."

నీళ్ళు కాలువలోకి దూకాయి. రెండు మందలూ కలిసిపోయి, ఏ గొర్రె ఎవరిదో తెలియకుండా, మూతులు ముంచాయి. మధ్యాహ్నం దాకా తాగినా కాలువ నిండుగానే ఉంది.

"మా వైపు కొండ మీదా ఇలాంటిది నిలబెట్టుకోవచ్చా అక్కా? మాకు చూపించేవాళ్ళు లేరు" అన్నాడు మురతాలీ.

"నేల గడ్డకట్టకముందే గొట్టం వేసే గోతులు తవ్వి ఉంచండి. కుత్మాన్‌ను పంపిస్తాను, చలికాలమంతా మీ ఊళ్ళోనే ఉంటాడు."

కుత్మాన్ నోరు తెరిచాడు. "నన్నా? తాల్‌బులాక్‌కా?"

"నిన్నే. కీళ్ళు బిగించడం నీ అంత బాగా ఎవరికి వచ్చు?" అని, జూరకాన్ మురతాలీ వైపు తిరిగింది. "రాత్రిళ్ళు వాడికి రెండు కంబళ్ళు కావాలి. ఒకటి చాలదు. విన్నావా?"