ఝాన్సీ టీచర్ నిద్ర

ఝాన్సీ టీచర్ క్లాసులో నిద్రపోతోందన్న సంగతి ముందు పిల్లలకి తెలిసింది. ఆవిడకి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఘంటసాల దగ్గర ఒక పల్లెటూళ్ళో రెండు గదుల బడి అది. ముప్పై ఒక్క మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఒకటి, రెండు తరగతులు ఝాన్సీవి. మూడు నుంచి అయిదు దాకా పిచ్చేశ్వరరావు మాస్టారివి. హెడ్‌మిస్ట్రెస్ బాధ్యత కూడా ఝాన్సీదే. రోజూ బందరులో బస్సెక్కి చల్లపల్లిలో దిగి, అక్కణ్ణించి ఆటోలో బడికి వచ్చేది. యాభై నాలుగేళ్ళు నిండాయి. బడికి చేరేసరికే ఒళ్ళు బరువుగా ఉండేది. వయసు కదా అనుకునేది. షుగర్ ఏమో అని టెస్టు చేయించుకుంది, లేదన్నారు. థైరాయిడ్ కూడా లేదన్నారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో కళ్ళు తెరిచేసరికి గది చాలా నిశ్శబ్దంగా ఉంది. పిల్లలందరూ బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఎవరూ పుస్తకం తియ్యలేదు. ఒక పిల్ల పక్కపిల్ల నోటి మీద చెయ్యి పెట్టి ఉంది. రెండో తరగతి శ్రావ్య గడప మీద కూర్చుని బయటికి చూస్తోంది.

"అక్కడ ఏం చేస్తున్నావే?" అని అడిగింది ఝాన్సీ.

"ఎవరైనా వస్తే మిమ్మల్ని లేపడానికి టీచర్."

"ఎంతసేపైంది నేను పడుకుని?"

"అన్నం తిన్నాక పడుకున్నారు టీచర్."

గోడ గడియారంలో మూడూ పది. "మరి నన్ను లేపొచ్చు కదమ్మా?"

శ్రావ్య కొంచెం ఆలోచించి నిజమే చెప్పింది. "మొన్న లేపాం టీచర్. లేచి మళ్ళీ పడుకున్నారు."

మొన్న సంగతి ఆవిడకి అసలు గుర్తు లేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే చెవిలో ఉంది. రాత్రి అన్నం దగ్గర భర్త రత్నరాజుకి చెప్పింది. ఆయన పోస్టాఫీసులో పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. విని కంచం పక్కకి జరిపాడు.

"రాత్రుళ్ళు నీకు ఊపిరి ఆగిపోతోంది ఝాన్సీ. ఎన్నిసార్లు చెప్పాను?"

"గురక పెడుతున్నానన్నారు. ఊపిరి ఆగుతోందని ఎప్పుడన్నారు?"

"గురక వినపడుతుంటే నాకు భయం లేదు. అది ఆగితేనే భయం. అందుకే భుజం మీద తడతాను."

ఆయన తట్టినప్పుడల్లా గురక ఆపమని పొడుస్తున్నాడనుకుని విసుక్కునేది ఆవిడ. పదిహేనేళ్ళుగా ఆ విసుగు అలాగే సాగుతోంది.

గుడివాడలో దుర్గాప్రసాద్ అని ఊపిరితిత్తుల డాక్టరున్నాడు. ఇద్దరూ వెళ్ళారు. ఒక రాత్రి ముక్కుకీ వేలికీ ఛాతీకీ వైర్లు తగిలించుకుని పడుకోమన్నారు. మర్నాడు డాక్టరు కాగితం చూపించాడు. గంటకి ముప్పై ఎనిమిది సార్లు ఊపిరి ఆగుతోందట.

"నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతోందమ్మా. ఆగిన ప్రతిసారీ మెదడు మిమ్మల్ని లేపుతోంది. మీకు తెలీదు గానీ, రాత్రంతా మీరు నిద్రపోతున్నది లేదు" అన్నాడు. ఆ దారి మూసుకుపోకుండా రాత్రంతా గాలి ఊదే మెషీన్ ఉంటుందనీ, రోజూ మాస్కు పెట్టుకుని పడుకోవాలనీ చెప్పాడు.

"ఎన్నాళ్ళండీ?" అని అడిగింది ఝాన్సీ.

"అలవాటు చేసుకోండి" అన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళో మాత్రం చెప్పలేదు.

మెషీన్ మంచం పక్కన స్టూలు మీదికి చేరింది. చిన్న రేడియో అంత ఉంటుంది. అందులో కాచి చల్లార్చిన నీళ్ళు పోయాలి, గొట్టం తగిలించాలి, మాస్కు ముక్కు మీద పెట్టుకుని పట్టీలు తల వెనక్కి బిగించాలి. మొదటి రాత్రి గాలి మొదలవగానే ఎవరో మొహం మీద పడి ఊదుతున్నట్టనిపించి లేచి కూర్చుంది. రెండో రాత్రి మాస్కు పక్కనుంచి గాలి కంట్లోకి కొట్టింది. పట్టీలు ఇంకా బిగించింది. తెల్లారి అద్దంలో చూసుకుంటే బుగ్గల మీద ఎర్రటి చారలు. ఆదివారం పౌడరు దట్టంగా రాసుకుని చర్చికి వెళ్ళింది. పక్కన కూర్చున్నావిడ ఊరుకోలేదు, "ఏంటండీ ఆ గీతలు?" అంది. "దిండు గీతలు" అంది ఝాన్సీ.

గొంతు తడారిపోయేది. గొట్టంలో నీళ్ళు చేరి గుడగుడలాడేవి. అటు తిరిగితే గొట్టం మెడకి చుట్టుకునేది. కరెంటు పోతే గాలి ఆగి ఉలిక్కిపడి లేచేది. అన్నిటికంటే విచిత్రం, పొద్దున లేచి చూస్తే మాస్కు మొహం మీద ఉండేది కాదు. ఎప్పుడు తీసేసిందో తెలిసేది కాదు. మెషీన్ మీద మాత్రం లెక్క కనపడేది. గంటా పన్నెండు నిమిషాలు. యాభై నిమిషాలు. గంటా ఇరవై.

రత్నరాజుకీ నిద్ర లేదు. గురక వినపడకపోతే లేవడం ఆయనకి అలవాటైపోయింది. ఇప్పుడు మాస్కు ఉన్నంతసేపు గురక లేదు. దాంతో గంటకోసారి లేచి ఆవిడ పొట్ట కదులుతోందో లేదో చూసేవాడు. మాస్కు తీసేసి ఉంటే మళ్ళీ పెట్టబోయేవాడు.

నాలుగో వారంలో ఒక రాత్రి అలా పెడుతుంటే ఝాన్సీ ఆయన చెయ్యి గట్టిగా విసిరికొట్టింది.

"నా మొహం మీద చేతులు పెట్టకండి! పగలంతా ఆ పిల్లలతో, రాత్రంతా ఈ గాలితో... నన్ను కాసేపు వదిలెయ్యండి."

"నీ మంచికే కదే..."

"ఇది లేనప్పుడే నయం. అప్పుడు కనీసం పడుకున్నాననైనా అనిపించేది."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. మర్నాడు ఆవిడ గొట్టం చుట్టి, నీళ్ళు పారబోసి, మెషీన్‌ని దాని సంచీలో పెట్టి బీరువా పైకి ఎక్కించింది. దసరా సెలవుల తర్వాత పెట్టుకుంటానంది. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు. రాత్రుళ్ళు ఆయన చెయ్యి మళ్ళీ ఆవిడ భుజం మీద పడటం మొదలైంది. ఆవిడ విసుక్కోవడం మానేసింది.

బడిలో మాత్రం జాగ్రత్తపడింది. కుర్చీ గోడ పక్కకి తోసేసి నిలబడే పాఠం చెప్పేది. ఒకసారి నిలబడి కూడా కళ్ళు మూతపడ్డాయి. బోర్డుకి చెయ్యి ఆనించి నిలదొక్కుకుంది.

డిసెంబరులో, క్రిస్మస్ సెలవులకి వారం ముందు, బందరులో ఏడున్నర బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. పెడన రోడ్డు రద్దీ గురించి వెనక సీట్లో ఎవరో మాట్లాడుకుంటున్నారు. తర్వాత ఎవరో భుజం తట్టారు. రత్నరాజు అనుకుంది.

"అమ్మా, అవనిగడ్డ వచ్చేసింది. లాస్ట్ స్టాపు. దిగండి." కండక్టరు నిలబడి ఉన్నాడు.

బస్సులో ఇంకెవరూ లేరు. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ అన్నీ దాటేసి దివిసీమలోకి వచ్చేసింది.

"చల్లపల్లిలో లేపలేదేంటి బాబూ?"

"రెండుసార్లు పిలిచానమ్మా. మీరు కళ్ళు తెరిచి 'సరే' అన్నారు. నేను దిగిపోయారనే అనుకున్నాను." అతను కాస్త వంగి మొహంలోకి చూశాడు. "ఒంట్లో బాగోలేదా? ఎవరికైనా ఫోన్ చెయ్యనా?"

వద్దని దిగి, బస్టాండు బల్ల మీద కూర్చుని పిచ్చేశ్వరరావుకి ఫోన్ చేసింది. బస్సులో నిద్రపట్టి అవనిగడ్డ వచ్చేశానని చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు.

"ఫర్లేదు మేడమ్. ప్రేయర్ నేను చేయించేస్తాను. మీ పిల్లల్ని కూడా నా గదిలో కూర్చోబెడతాను. నిదానంగా రండి."

అంత తడుముకోకుండా చెప్పాడంటే ఇది అతనికి అలవాటైన పనేనని ఆవిడకి అర్థమైంది. బడికి చేరాక, పిల్లలు మధ్యాహ్నం భోజనాలు చేస్తుండగా, వరండాలో నిలబడి అడిగింది.

"మాస్టారూ, నిజం చెప్పండి. నేను పడుకున్నప్పుడు మీరే వచ్చి నా క్లాసు చూస్తున్నారా?"

అతను పిల్లల వైపు చూస్తూ చెప్పాడు. "ఎప్పుడైనా మేడమ్."

"ఎప్పుడైనా అంటే?"

"వారంలో రెండు, మూడుసార్లు."

అతను చెప్పాలా వద్దా అన్నట్టుగా అన్నాడు. "మా అమ్మకి కంట్లో శుక్లం మేడమ్. గుంటూరులో ఆపరేషన్ చేయించాలి. మూడు రోజులు సెలవు కావాలి. జూలై నుంచి అనుకుంటున్నాను."

"సెలవు పెట్టండి మరి! నేనెప్పుడైనా కాదన్నానా?"

"మీరు కాదనరు మేడమ్. పిల్లలు ముప్పై ఒక్క మంది. పక్కనే కాలవ. నేను లేనప్పుడు మీకు నిద్రపడితే..." అని ఆగిపోయాడు. "ఏమీ అనుకోకండి."

"నాతో చెప్పొచ్చుగా ఇన్నాళ్ళూ?"

"ఏమని చెప్పమంటారు మేడమ్?"

అవును, ఏమని చెప్తాడు. ఆ సాయంత్రం ఆవిడ ఆటోలో ఏడవలేదు గానీ, చల్లపల్లి వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. కూతురి వయసున్న ఇంకో ప్రయాణికురాలు సీటులో ఇంకాస్త జరిగి చోటిచ్చింది. ఇంటికొచ్చి స్టూలు ఎక్కి బీరువా మీంచి సంచీ దించింది. రత్నరాజు కింద స్టూలు పట్టుకున్నాడు.

శనివారం సంచీ పట్టుకుని ఒక్కతే గుడివాడ వెళ్ళింది. డాక్టరు దగ్గర మెషీన్ల సంగతి చూసే అమ్మాయి పేరు బిందు. ముప్పై ఏళ్ళుంటాయి, గబగబా మాట్లాడుతుంది. మెషీన్‌లోంచి లెక్కలు తీసి చూసింది.

"ఇరవై రెండు రాత్రులు పెట్టుకున్నారు మేడమ్. ఏ రాత్రీ రెండు గంటలు దాటలేదు. ఏదీ, నా ఎదురుగా మాస్కు పెట్టుకోండి."

ఝాన్సీ పెట్టుకుని పట్టీలు బిగించింది. బిందు వెంటనే వదులు చేసింది.

"ఇంత బిగిస్తే ఇంకా లీకవుతుంది. అసలు మీకు ఈ సైజు పెద్దది. మొదట మేమే సరిగ్గా చూసుకోలేదు. నోటితో కూడా గాలి పోతోంది, గొంతు ఎండిపోతోందా?"

"ఎడారిలా ఉంటుందమ్మా."

ముక్కూ నోరూ రెండూ కప్పే చిన్న సైజు మాస్కు తెచ్చింది. గాలి మొదట నెమ్మదిగా మొదలై అరగంటలో పెరిగేలా మెషీన్‌లో మార్చింది. పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా ఓ గంట పెట్టుకుని ఏదో ఒక పని చేసుకోమంది.

"అందరూ ఇంత కష్టపడతారా, నాకేనా?" అని అడిగింది ఝాన్సీ.

"చాలామంది పడతారండీ. కొంతమంది తెచ్చి ఇక్కడ పడేసి వెళ్ళిపోతారు."

"ఎన్నాళ్ళు పెట్టుకోవాలి? డాక్టరుగారు చెప్పలేదు."

బిందు ఈసారి నిదానంగా చెప్పింది. "పెట్టుకున్న రాత్రికే పనిచేస్తుంది మేడమ్. తీసేస్తే మళ్ళీ మామూలే. కళ్ళజోడు లాగే."

ఆ మాట విని ఝాన్సీకి నీరసం ముంచుకొచ్చింది. అయినా ఎవరో ఒకరు నిజం చెప్పినందుకు కొంత నయమనిపించింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాస్కు పెట్టుకుని మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. మాట్లాడటానికి లేదు. రత్నరాజు ఎదురుగా కూర్చుని తనూ ఒలిచాడు. గంటయ్యాక మాస్కు తీసి, "ఇవాళ్టి నుంచి మీరు ఆ గదిలో పడుకోండి" అంది.

"ఎందుకు?"

"మీరు నన్ను కాపలా కాస్తున్నారు. మీరు చూస్తున్నారని నాకు నిద్రపట్టదు. నేను ఊపిరి పీలుస్తున్నానో లేదో ఆ మెషీన్ చూసుకుంటుంది."

"కరెంటు పోతే?"

"లేస్తాను. చావను."

ఆయనకి ఆ మాట నచ్చలేదు. అయినా దుప్పటి తీసుకుని వెళ్ళాడు. మొదటి నాలుగు రాత్రులూ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆవిడకి తెలుసు, పిలవలేదు.

లెక్క పెరిగింది గానీ తిన్నగా పెరగలేదు. రెండు గంటలా నలభై. మూడు గంటలు. మళ్ళీ నలభై నిమిషాలు. జలుబు చేసిన వారం అసలు పెట్టుకోలేకపోయింది. ఒక రాత్రి దాన్ని చూస్తేనే ఏడుపొచ్చి అర్ధగంట మంచం అంచున కూర్చుని, ఆఖరికి పెట్టుకుంది. దానివల్ల ఏదో ఒక్కసారిగా మారిపోలేదు. జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం పిల్లల కాపీలు దిద్దుతూ, ఇవాళ ఇంకా కళ్ళు మూతపడలేదేంటి అనుకుంది. అంతే.

ఫిబ్రవరి మొదటి వారంలో పిచ్చేశ్వరరావుని పిలిచింది. "మాస్టారూ, అమ్మగారి ఆపరేషన్‌కి తేదీ తీసుకోండి."

అతను వెంటనే సరే అనలేదు. "మేడమ్, మీరు..."

"అయిదు గంటలు పడుకుంటున్నాను. రోజూ కాదు. ఎక్కువ రోజులు."

అతను తల ఊపాడు. సోమవారం నుంచి మూడు రోజులు సెలవు పెట్టాడు.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు రెండు గంటలకి కళ్ళు మండాయి. ఆవిడ అయిదు తరగతుల పిల్లల్నీ వరండాలోకి తెచ్చి, పెద్దవాళ్ళకి చిన్నవాళ్ళని అప్పగించి, పంపు దగ్గర మొహం కడుక్కుని వచ్చి, బడి వదిలేదాకా వాళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. కాళ్ళు లాగాయి. నిద్రపోలేదు. మూడో రోజు సాయంత్రం గేటుకి తాళం వేసేసరికి నిలబడలేనంత అలిసిపోయింది. పిచ్చేశ్వరరావు ఫోన్ చేశాడు. కట్టు విప్పారనీ, వాళ్ళమ్మ ఎదురుగా గోడ మీదున్న క్యాలెండర్‌లో తేదీ చదివిందనీ చెప్పాడు.

"పిల్లలు?" అని అడిగాడు ఆఖర్న.

"అందరూ ఇళ్ళకి వెళ్ళారు" అంది.

ఆ రాత్రి తొమ్మిదింటికే మాస్కు పెట్టుకుని పడుకుంది. పొద్దున మెషీన్ మీద ఆరు గంటలా పది నిమిషాలు ఉంది. రత్నరాజుకి చూపిద్దామని పక్క గదిలోకి వెళ్తే ఆయన ఇంకా బోర్లా పడుకుని ఉన్నాడు. ఆరు దాటినా ఆయన పడుకుని ఉండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. లేపకుండా వచ్చి, పాలు కాచి, మాస్కు సబ్బునీళ్ళతో కడిగి కిటికీ దగ్గర ఆరేసి, బస్సుకి వెళ్ళిపోయింది.

మర్నాటి రాత్రి రెండింటికి మాస్కు తీసేసింది. లెక్క మూడున్నర దగ్గర ఆగింది. ఆ తర్వాతి రాత్రి మళ్ళీ పెట్టుకుంది.