ఏడు గళ్ల పట్టీ

డ్రైవరుగారు దొంగచాటుగా ఊలు అల్లుతున్న సంగతి మొట్టమొదట పట్టుకున్నది ఆయన పాత కండక్టరే.

మధ్యాహ్నం రెండు దాటింది. బస్టాపులో జనం పలచగా ఉన్నారు. సిమెంటు బెంచీ చివర, స్తంభం చాటున, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని డ్రైవరుగారు కూర్చున్నాడు. రిటైరై బస్సు దిగిపోయి ఆరేళ్లయినా వీధిలో అందరికీ ఆయన ఇంకా డ్రైవరుగారే. చేతులు రెండూ సంచి లోపల ఏదో తంటాలు పడుతున్నాయి. అప్పుడే ఆగిన బస్సులోంచి కండక్టరు దిగి, పలకరిద్దామని దగ్గరికొచ్చి, సంచిలోకి తొంగిచూశాడు. లోపల గులాబీరంగు ఊలుండ, క్రోషా సూది, ఆ సూదిని పీక పట్టుకున్నట్టు పట్టుకున్న లావుపాటి వేళ్లు.

"ఏంటన్నా ఇది? స్టీరింగు పోయి సూది వచ్చిందా?"

"నోర్మూసుకుని విజిలెయ్యి. బస్సు లేటవుతోంది."

"వదినకి తెలుసా?"

"తెలిస్తే ఇంట్లోనే కూర్చుని అల్లుకునేవాణ్ణిగా!"

కండక్టరు పకపకా నవ్వబోయి, వదిన అన్నమాట తన నోటే వచ్చినందుకు నాలిక్కరుచుకున్నాడు. ఆవిడకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైందని అతనికి తెలుసు. "సర్లే అన్నా, కానివ్వు. నవ్విన నాపచేనే పండుతుందంటారు," అని భుజం తట్టి బస్సెక్కేశాడు.

వదినంటే ఎవరో అనుకునేరు. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆడపిల్లలకి క్రోషా పట్టుకోవడం నేర్పిన ఊలు టీచరమ్మ. ఇరవై ఏళ్లు ఆ ఇంటి ముందుగది నిండా పిల్లలూ, ఊలుండలూ, ఆవిడ నోరూ. చేతిలో ఎంత పనితనముందో నోట్లో అంత పదునుంది. కుట్టు తప్పితే మొహమాటం లేకుండా బర్రున లాగి మొత్తం విప్పేసేది. పిల్లలు ఏడ్చేవాళ్లు, మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు. ఇక మొగుడి సంగతి చెప్పక్కర్లేదు. చెప్పులు వంకరగా విడిచినా, టీ చప్పుడు చేస్తూ తాగినా, వార్తల్లో ఎవరో ఓడిపోయినా ఆయనకే పడేవి అక్షింతలు. ముప్పై మూడేళ్లు బస్సు తోలినవాడికి హారన్ల మోత అలవాటే గనక ఆయనకి అదేమంత కష్టంగా తోచలేదు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్న పీట మీంచి పక్కకి ఒరిగిపోయింది. ఆసుపత్రివాళ్లు బతికించారు. మాట తిరిగొచ్చింది, చేతికర్రతో నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం తన మాట వినడం మానేసింది. రోజూ సాధన చెయ్యాలి, ఎంత వస్తుందో ఎప్పుడొస్తుందో చెప్పలేం, అన్నారు డాక్టరు.

చెయ్యి పోతే పోయింది, మనిషి దక్కింది చాలనుకున్నాడు డ్రైవరుగారు. తీరా ఇంటికొచ్చాక చూస్తే ఆ దక్కిన మనిషి నోరు విప్పదు. ఏం వండమంటావంటే "మీ ఇష్టం". కిటికీ తీయనా అంటే "మీ ఇష్టం". ఒకనాడు ఆయన టీలో పంచదార వెయ్యడం మరిచిపోయాడు. ఆవిడ చివరి చుక్క దాకా తాగి గ్లాసు కింద పెట్టింది. తర్వాత తన గ్లాసు నోటికి ఆనించుకున్నాక గానీ ఆయనకి విషయం తెలియలేదు. ఆసుపత్రిలో కూడా అంత భయపడని మనిషి ఆరోజు నిజంగా బెదిరిపోయాడు. ఆవిడ తిడితే బాగుండునని, ఒక్కసారి, ఒకే ఒక్కసారి తన మీద విరుచుకుపడితే చాలునని ఆయన మనసు తపించిపోయింది.

ఆ సమయంలోనే వచ్చింది మనవరాలు. రెండు వీధుల అవతల ఉండే కూతురి కూతురు. ఎనిమిదేళ్లది. గుండ్రంగా ఉంటుంది కనక పుట్టినప్పటినుంచీ బుడంకాయ. నిరుడు ఉయ్యాల మీంచి పడి తల పగలగొట్టుకుంటే నుదుటి పైన ఆరు కుట్లు పడ్డాయి. కుట్లు మానాయి గానీ ఆ చోట జుట్టు మొలవలేదు. తెల్లగా వేలెడంత గీత మిగిలిపోయింది. క్లాసులో ఒకడు దానికి 'రోడ్డు' అని పేరు పెట్టాడు. అది విని అప్పట్లో ఊలు టీచరమ్మ కొలత టేపు తీసి మనవరాలి తల కొలిచింది. "ఏడు గళ్ల తలపట్టీ, దాని మీద ఒక పువ్వు. ఆ రోడ్డు మూసేద్దాం," అంది. పుస్తకాల్లో గ్రానీ స్క్వేర్ అంటారే, మధ్యలోంచి మొదలుపెట్టి, కాడల్లా నిలబడే పొడుగు కుట్లని గుత్తులు గుత్తులుగా చుట్టూ అల్లుకుంటూ పోయే చదరం, దాన్ని ఆవిడ గడి అనేది. మూడు గళ్లు అయ్యాయి. నాలుగోది మొదలుపెట్టకముందే చెయ్యి పడిపోయింది.

"తాతయ్యా, వచ్చే శనివారం మా క్లాసు ఫోటో. అమ్మమ్మ బ్యాండు ఎప్పుడిస్తుంది?" అని గుసగుసగా అడిగింది బుడంకాయ.

"కొట్లో కొందామే."

"కొన్నాం. సన్నంగా ఉన్నాయి. రోడ్డు కనిపిస్తోంది."

డ్రైవరుగారు పడుకునున్న భార్య వైపు చూశాడు. ఊలు బుట్ట బీరువా మీద ఉంది. ఆవిడ ఆసుపత్రినుంచి రాకముందే ఆయనే ఎత్తి పైన పెట్టాడు, కంటబడితే మనసు కష్టపెట్టుకుంటుందని. "నేను చేస్తా. నువ్వు నేర్పు," అన్నాడు.

"నాకు రెండు వరుసలే వచ్చు."

"మూడోది ఆ భగవంతుడే నేర్పుతాడులే."

అలా మొదలైంది బస్టాపు బడి. ఇంట్లో అల్లితే ఆవిడ చూస్తుంది, తన పని ఇంకొకరి చేతిలో చూస్తే కుంగిపోతుందని ఆయన లెక్క. ముందుగా వచ్చి కూర్చుని అల్లేవాడు. మూడున్నరకి స్కూలు బస్సు దిగగానే బుడంకాయ వచ్చి తప్పులు దిద్దేది. పిల్ల వేలెడంత లేదు గానీ తిట్టడంలో అచ్చం అమ్మమ్మే. "మూడు కాడలు ఒక గుత్తి తాతయ్యా! నాలుగేశావు! మూలకి రెండు గుత్తులు, మధ్యలో గొలుసు. మళ్లీ విప్పు!" మూడో వరుసని మాత్రం ఆయన, టీచరమ్మ అల్లిన గడిని మోకాలి మీద పరుచుకుని, గోటితో కుట్లు లెక్కపెట్టుకుంటూ సాధించాడు.

తొలి గడి పూర్తయ్యాక మురిపెంగా ఎత్తి చూపించాడు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

"ఇది బొమ్మకా తాతయ్యా?" అంది బుడంకాయ.

అదే ఊలు, అదే సూది, కుట్లు లెక్క సరిగ్గా ఉంది. అయినా అమ్మమ్మ గడి అరచేయంత ఉంటే తాతయ్యది అందులో సగం. ముప్పై మూడేళ్లు బరువైన స్టీరింగు బిగించి పట్టుకున్న చేతులవి. ఊలు వదిలితే ఎక్కడ లోయలో పడుతుందో అన్నట్టు లాగి పట్టుకునేవి. రెండోది కాస్త పెద్దదైంది, మూడోది ఇంకాస్త, నాలుగోది మరికొంచెం. ఎంత చేసినా ఆవిడ గడికి ఏదీ సరితూగలేదు.

శుక్రవారం సాయంత్రం వంటింట్లో బల్ల మీద ఏడింటినీ వరసగా పేర్చి చూసుకున్నాడు. పక్కన బుడంకాయ. పెద్దది, చిన్నది, పెద్దది, మరీ చిన్నది. పళ్లూడిన నోరులా ఉంది పట్టీ. మర్నాడే ఫోటో. ఆయనకి ఏడుపొక్కటే తక్కువ.

వెనక చేతికర్ర టక్కుమంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డ్రైవరుగారు గబుక్కున ఒక పళ్లెం తీసి గళ్ల మీద బోర్లించాడు. ఆ కంగారులో ఊలుండ కిందపడి దొర్లుకుంటూ వెళ్లి సరిగ్గా ఆవిడ పాదం దగ్గర ఆగింది.

"ఏంటది?"

"ఏం లేదు. పళ్లెం."

"తాతయ్య నా బ్యాండు అల్లాడమ్మమ్మా. పాపం, చిన్నవొచ్చాయి," అంది బుడంకాయ, దాచడం రాక.

ఆవిడ మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఎడమచేత్తో పళ్లెం తీసింది. అన్నిటికన్నా చిన్న గడిని ఎత్తి, తిప్పి వెనకవైపు చూసి, అంచు లాగి చూసింది. డ్రైవరుగారు ఇప్పుడు 'మీ ఇష్టం' అంటుందనే అనుకున్నాడు.

"దీని గొంతెవరు పిసికారు?" అంది.

డ్రైవరుగారు తన చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

"నా బుట్టేది?"

"బీరువా మీద."

"ఎవరు పెట్టమన్నారు?"

"నేనే... చూస్తే నీ మనసు కష్టపడుతుందని..."

"చూడకపోతే పడదా?" అంది ఆవిడ. "ఇంటికొచ్చి మంచం మీద కూర్చోగానే చూశాను. బుట్ట ఉండేచోట ఖాళీగా ఉంది. ఇక దీని పని అయిపోయిందని మీరు తేల్చేశారనుకున్నా. నాకన్నా ముందే మీరు తేల్చేశాక నేనేం మాట్లాడను?"

"మరి అడగొచ్చుగా?"

"మీరు దింపొచ్చుగా?"

నాలుగు నెలలపాటు తను జాలి అనుకున్నది ఆవిడకి ఎలా తగిలిందో అప్పుడు తెలిసొచ్చి, సిగ్గుతో తల దించుకున్నాడు. తర్వాత స్టూలు వేసుకుని ఎక్కి, బుట్ట దింపి, దుమ్ము దులిపి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

ఆవిడ బుట్టని ఒకసారి తడిమి, బల్లవైపు తిరిగింది. ఎడమచేత్తో గళ్లని అటూ ఇటూ జరిపింది. తను అల్లిన మూడు నడుమ పెట్టింది. ఆయన చివరగా అల్లిన రెంటినీ వాటికి చెరోపక్కా చేర్చింది. మొదట అల్లిన బిగుసుకుపోయిన రెంటినీ రెండు చివర్లకీ తోసింది. పట్టీ మధ్యలో వెడల్పుగా మొదలై రెండువైపులా సన్నబడుతూ పోయింది.

"అమ్మమ్మా! కొట్లో దానిలా ఉంది!" అని గెంతింది బుడంకాయ.

"కుట్లు సమానమే కనక అంచులు కలుస్తాయి. చిన్నవి చెవుల వెనక్కి పోతాయి. నేనైతే చివర్ల కోసం వరుస తగ్గించి అల్లాల్సొచ్చేది. మీ తాతయ్యకి ఆ శ్రమ లేదు, చేతకానితనమే కలిసొచ్చింది."

తిట్టింది! డ్రైవరుగారికి కళ్లు చెమర్చాయి. అది దాచుకోవడానికి గళ్లు కలిపి కుట్టడంలో మునిగిపోయాడు.

పట్టీ అయింది. ఇక పువ్వు. ఆవిడ చెబుతుంటే ఆయన ఒక్కడే అల్లి చూపించాడు.

"ఇది పువ్వా, కాలీఫ్లవరా?" ఆవిడ కొస పట్టుకుని బర్రున లాగి విప్పేసింది. "మీకెన్నిసార్లు చెప్పాలి? బిగువు సూదిలో ఉండదండీ, ఊలు పట్టుకునే చేతిలో ఉంటుంది. ఎడమ..."

మాట మధ్యలో ఆగింది. ఆవిడ తన ఎడమచేతిని చూసుకుంది. దానికేం కాలేదు. ఊలుకి బిగువిచ్చింది నలభై ఏళ్లుగా ఆ చెయ్యే.

"ఇలా రండి," అంది నెమ్మదిగా. "నా వెనక కూర్చోండి."

"పిల్ల ముందరా?"

"పిల్లకి పెళ్లి చూపిస్తున్నామా ఏంటి? రండంటుంటే!"

ముందుగదిలో మంచం మీద ఆవిడ కూర్చుంది. ఆయన వెనక చేరి, ఆవిడ పడిపోయిన చెయ్యి ఉన్న వైపునుంచి తన కుడిచెయ్యి ముందుకి చాపి సూది పట్టుకున్నాడు. ఆవిడ ఎడమచేతి వేళ్లకి ఊలు చుట్టుకుంది. నాలుగు నెలలు ఖాళీగా ఉన్నా ఆ వేళ్లు ఏదీ మరిచిపోలేదు. ఊలు కావలసినంతే వదిలాయి, కావలసినప్పుడే ఆపాయి. ఆయన సూది దూర్చాడు, లాగాడు. మొదట ఇద్దరి చేతులూ కొట్లాడుకున్నాయి. తర్వాత ఒక రేక వచ్చింది. రెండో రేక వచ్చింది. బుడంకాయ మంచం కోడు పట్టుకుని, నోరు తెరిచి చూస్తూ నిలబడింది.

"లాగకండి. బస్సు కాదది."

"లాగట్లేదే."

"లాగుతున్నారు. నాకు వేలికి తెలుస్తోంది. మెల్లగా. ఆఁ, అంతే."

అయిదు రేకలూ అయ్యాయి. చూడబోతే పువ్వే. డ్రైవరుగారి ఛాతీ ఉబ్బింది. బుడంకాయ చప్పట్లు కొట్టి చెయ్యి చాపింది.

ఊలు టీచరమ్మ పువ్వుని దీపం వైపు ఎత్తి చూసింది. మూడో రేక దగ్గర చూపు ఆగింది. కొస వెతికి పట్టుకుని బర్రున లాగింది. పువ్వంతా క్షణంలో గులాబీరంగు పోగై ఆవిడ ఒళ్లో పడింది.

"అమ్మమ్మా! రేపే ఫోటో!" అని కెవ్వుమంది బుడంకాయ.

"ఉండవే. మూడో రేకలో ఒక కాడ ఎగ్గొట్టాడు మీ తాతయ్య. నా చేతిమీదుగా అలాంటిది పోనిస్తానా?" అని, ఊలు మళ్లీ ఎడమచేతికి చుట్టుకుంటూ వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అన్నట్టు, ఆమధ్య టీలో పంచదార వెయ్యలేదు. గుర్తుందా?"

"ఉంది," అన్నాడు డ్రైవరుగారు. ఆవిడ భుజం పక్కనుంచి చెయ్యి చాపి సూది అందుకున్నాడు.